అచ్చాఫీసు సందులో చప్పుడు

ఆ అచ్చాఫీసు సందులోకి చీకటి పడ్డాక ఎవరూ వెళ్లరు. కుక్కలు కూడా సందు మొదట్లోనే ఆగి తోక ముడుస్తాయని చెప్పుకునేవాళ్లు. కుక్కల సంగతి అంతగా పట్టించుకోనక్కర్లేదు. అక్కడ వాటికి తినడానికేమీ దొరకదు, అందుకని వెళ్లవు.

కానీ చప్పుడు మాత్రం నిజం.

అచ్చాఫీసు మూతపడి ఆరేళ్లయింది. కరెంటు తీగ కూడా కత్తిరించేశారు. అయినా ఊరు సద్దుమణిగాక లోపల మిషను ఆడుతుంది. గడక్... టప్. గడక్... టప్... అంటూ. విన్నవాళ్లున్నారు. సగం విని పరిగెత్తినవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. లోపలున్న దెయ్యం ఆడదన్నారు కొందరు, మగవాడన్నారు కొందరు. తలే లేదన్నాడొక మహానుభావుడు. ఆ చీకట్లో, ఆ పరుగులో, తల లేదన్న సంగతి అంత ఖాయంగా ఎలా చూసొచ్చాడో ఎవరూ అడగలేదు.

స్కూలు బస్సు నడిపే డ్రైవరుకి మాత్రం దెయ్యమంటే భయం లేదు. ధైర్యం ఉండి కాదు, తీరిక లేక. అతని బాధ వేరే — నిద్ర.

పొద్దున్న అయిదింటికి లేవాలి. రాత్రి పదింటికి పడుకుంటాడు. పదకొండింటికి గడియారం చూస్తాడు. ఇప్పుడు పడితే ఆరు గంటలు. పన్నెండింటికి మళ్లీ చూస్తాడు. ఇప్పుడు పడితే అయిదు. నిద్రని ఇలా తీసివేతల లెక్కలా చేస్తూ కూర్చుంటే అదెందుకు వస్తుంది? పోనీ ఎలాగో ఒక కునుకు పట్టిందా, రెండింటికల్లా ఎవరో భుజం తట్టినట్టు మెలకువ. ఆ తర్వాత ఫ్యాను రెక్కలు చూడ్డమే పని.

గురువారం నాడు బస్సు పక్కభాగం స్కూలు గేటు స్తంభానికి రాసుకుంది. ముప్ఫై ఆరుమంది పిల్లలున్నారు లోపల. ఎవరికీ ఏమీ కాలేదు. ముందు సీట్లో కూర్చునే రెండో తరగతి పిల్ల మాత్రం, నిజంగా తెలుసుకుందామనే, అడిగింది:

"అంకుల్, కళ్లు మూసుకుని కూడా నడపొచ్చా?"

మేనేజరు పిలిపించాడు. "రేపు పొద్దున్న నేనే నీ పక్కన కూర్చుంటా. ఒక్క రెప్ప వాలిందా... తాళాలు నా చేతిలో పెట్టి దిగిపో."

ఉద్యోగం పోతుందన్న దిగులు సరే. ఆ పిల్ల అడిగిన మాట అంతకన్నా లోతుగా దిగింది. ఈ రాత్రి నిద్రపోకపోతే రేపు ఆ బండి ముట్టుకునే హక్కు తనకి లేదు. మేనేజరు తీయనక్కర్లేదు, తనే తాళాలు ఇచ్చేయాలి.

సాయంత్రం బావమరిది వచ్చాడు. మందుల షాపు వాడిది. సలహాలు మాత్రం బిల్లు లేకుండా ఇస్తాడు.

"నిద్రపోవడం కూడా రాదంటే ఎలా బావా? అదేమైనా విద్యా? నన్ను చూడు. దిండుకి తల ఆనిందంటే మళ్లీ కాఫీకే లేవడం."

"రాత్రిపూట రాదురా మీ బావకి," అంది వంటింట్లోంచి భార్య. "గేటు స్తంభం కనబడితే వస్తుంది."

"పోనీ ఒక మాత్ర ఇవ్వనా?"

"దాని మత్తు ఏడింటిదాకా దిగదు. నేను ఆరింటికి బండి తీయాలి," అన్నాడు డ్రైవరు. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరైనా అన్న తెలివైన మాట అదొక్కటే.

అంతకుముందు వారం పార్కులో ఊపిరి మాస్టారి దగ్గరికీ వెళ్లాడు. ఆయన చాప పరుచుకుని జనానికి ఊపిరి పీల్చడం నేర్పిస్తుంటాడు — పుట్టగానే అందరికీ వచ్చేసిన విద్యే. "నాలుగు లెక్కపెడుతూ పీల్చు, ఏడు దాకా ఆపు, ఎనిమిదికి వదులు. అంతా మనసులోనే ఉంది నాయనా. నేనైతే మూడు నిమిషాల్లో పడిపోతా." అప్పటికే లెక్కలతో చస్తున్నవాడి నెత్తిన ఇంకో లెక్క పెట్టి పంపాడు.

వీళ్లందరిలోకీ ఆసుపత్రి డాక్టరమ్మే నయం. "ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకండి. లేచి, ఏమీ తోచని చోట, వెలుతురు లేకుండా కాసేపు కూర్చోండి. కళ్లు బరువెక్కాకే మళ్లీ పడుకోండి," అంది.

ఆ రాత్రి పన్నెండున్నరకి అతను లేచి చెప్పులేసుకున్నాడు.

"ఎక్కడికి?" భార్య దిండులోంచే అడిగింది.

"ఏమీ తోచని చోటికి. డాక్టరమ్మ చెప్పిందిగా."

"అది ఇదే కదండీ. ఇంకెక్కడికి?" అని అటు తిరిగి పడుకుంది.

వీధి ఖాళీ. టీ కొట్టు బల్లలు ఒకదానిమీద ఒకటి బోర్లించి ఉన్నాయి. మలుపు తిరిగాడు... ఇంకో మలుపు... కాళ్లు ఎటు తీసుకెళితే అటు.

అప్పుడు వినబడింది.

గడక్... టప్.

ఆగాడు. అచ్చాఫీసు సందు. ముందు గోడ, గోడకి పెచ్చులూడిన పక్కతలుపు. గాలి లేదు. ఆకు కదలడం లేదు. చప్పుడు మాత్రం... తలుపు వెనకే.

గడక్... టప్. గడక్... టప్...

మెడ వెనక వెంట్రుకలు లేచాయి. నోరు తెరుచుకుంది, కేక వేయడానికే అనుకున్నాడు. కానీ వచ్చింది కేక కాదు.

ఆవలింత!

నెల రోజులుగా ఎదురుచూస్తున్న ఆవలింత — దవడలు పట్టేసేంత, కళ్లనిండా నీళ్లొచ్చేంత పెద్దది. ఆ చప్పుడుకి, తన బస్సు ఇంజను నెమ్మదిగా ఆడుతున్నప్పుడు కాళ్లలోకి పాకే మగత లాంటిదేదో పాకింది. ఇంకొకడైతే పారిపోయేవాడు. నిద్ర మొహం చూడనివాడికి పారిపోయే ఓపిక ఎక్కడిది? తలుపు తోశాడు.

తెరిచే ఉంది.

లోపల సిరా వాసన, కిరసనాయిలు వాసన. పైనున్న వెంటిలేటరు లోంచి బూడిదరంగు వెలుతురు. కాగితాల కట్టలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. ఒక అడుగు వేశాడు... ఇంకో అడుగు...

కాలికి మెత్తగా తగిలింది.

అది మూలిగింది. తెల్లగా... నిటారుగా... లేచి కూర్చుంది.

"ఎ...ఎవరు?" అంది గుసగుసగా.

"నువ్వెవరు?"

దుప్పటి కిందికి జారింది. "బావా...?"

బావమరిది!

"హుష్... మెల్లగా బావా. అందరూ లేస్తారు."

"దిండుకి తల ఆనితే చాలన్నావు!"

"ఆనాలిగా మరి. ఇక్కడైతేనే ఆనుతుంది. రెండేళ్లయింది. అక్కకి చెప్పకు, నీకు దణ్ణం పెడతా."

"మందుల షాపు పెట్టుకుని నీకీ ఖర్మేంటిరా?"

"అవి అమ్మడానికి బావా. మింగడానికి కాదు."

పక్కన కాగితం కట్టల మీద ఇంకో శాల్తీ రంపం కోసినట్టు గురకపెడుతోంది. డ్రైవరు వంగి చూశాడు. ఊపిరి మాస్టారు! నాలుగూ లేదు, ఏడూ లేదు, ఎనిమిదీ లేదు. నోరు తెరుచుకుని లెక్కాపత్రం లేకుండా పీలుస్తున్నాడు, వదులుతున్నాడు.

"మరి దెయ్యం?"

"చప్పుడు ముందునుంచీ ఉంది. దెయ్యాన్ని మేం కలిపాం. లేకపోతే ఊరంతా దిండ్లు పట్టుకుని వచ్చేస్తుంది, చోటెక్కడ?"

"మరి ఆ మిషను తొక్కేదెవరు?"

"ఇంకెవరు, ప్రెస్సు తాత. నలభై ఏళ్లు ఇక్కడే పనిచేసిన కాలు, ఊరుకోదు. మిషను అవతల ఉంటాడు. పలకరించకు, ఆపేస్తాడేమో..." అంటూనే వాలిపోయాడు. మాట ఇంకా గాల్లో ఉండగానే గురక.

డ్రైవరుకి నవ్వొచ్చింది. ఊరంతటినీ వణికించిన భూతం ఇదన్నమాట — ఇద్దరు అబద్ధాలకోర్లు, ఒక ముసలాయన! ఒక కట్ట మీద నడుం వాల్చాడు. వాలుస్తూ, మర్యాదకి ఆ తాతని ఒకసారి చూద్దామని తల ఎత్తాడు.

తాత ఉన్నాడు. మిషను అవతల, గోడవారగా, పాత సంచి తలకింద పెట్టుకుని... రెండు మోకాళ్లూ పొట్టలోకి ముడుచుకుని... పసిపిల్లాడిలా నిద్రపోతున్నాడు.

గడక్... టప్.

అది ట్రెడిల్ మిషను. అంటే కుట్టుమిషనుకున్నట్టే కింద పెడలు ఉంటుంది. మనిషి నిలబడి కాలితో తొక్కుతుంటేనే చక్రం తిరుగుతుంది. తొక్కడం మానితే నాలుగు చుట్లు తిరిగి ఆగిపోతుంది. దానంతటది ఆడదు.

పెడలు కిందికి దిగింది... పైకి లేచింది. కిందికి దిగింది... పైకి లేచింది.

దానిమీద కాలు లేదు.

లేచి పరిగెత్తాలి. తలుపు పది అడుగుల దూరంలోనే ఉంది. కానీ పరిగెత్తి ఎక్కడికి వెళతాడు? ఆ మంచం మీదికి, ఆ ఫ్యాను కిందికి. పొద్దున్న ఆరింటికి ముప్ఫై ఆరుమంది... ముందు సీట్లో ఆ పిల్ల...

మిషను వైపు తిరిగి చేతులు జోడించాడు.

"మీరెవరో నాకు తెలీదండీ. తెలుసుకోను కూడా. ఒక్క అయిదింటిదాకా... దయచేసి ఆపకండి. పొద్దున్నే పిల్లల బండి తీయాలి."

చక్రం ఒక్క క్షణం తటపటాయించినట్టయింది.

తర్వాత మళ్లీ అందుకుంది, ఇందాకటికన్నా కాస్త నిదానంగా. అతను అది పూర్తిగా వినలేదు.

సరిగ్గా అయిదింటికి చప్పుడు ఆగింది. ఆ నిశ్శబ్దానికే అతనికి మెలకువ వచ్చింది. ప్రెస్సు తాత కూడా లేచి కూర్చుని కళ్లు నులుముకుంటున్నాడు.

"కొత్తగా వచ్చావా నాయనా? రాత్రి తొక్కింది నువ్వేనా? ఈ రెండేళ్లలో మీలో రోజుకెవరు తొక్కుతున్నారో నాకు తెలీదు గానీ... నా ప్రాణానికి నిద్ర దొరికింది."

డ్రైవరు బావమరిది వైపు చూశాడు, మాస్టారి వైపు చూశాడు. ఇద్దరూ ఇంకా గురకలోనే ఉన్నారు. నిజం చెబితే ఈ ముగ్గురూ ఈ గడప తొక్కరు. ఆ పైన ఖాళీ గదిలో ఎవరికోసం ఆడుతుంది మిషను?

"నేనే తాతా," అన్నాడు.

ఆ పొద్దున్న ముప్ఫై ఆరుమందీ క్షేమంగా దిగారు. డ్రైవరు రెప్ప వాలలేదు. పక్క సీట్లో మేనేజరే రెండుసార్లు తూగాడు.

రాత్రి పదింటికి అతను దిండు చంకలో పెట్టుకుని, అచ్చాఫీసు సందులోకని చెప్పి బయల్దేరుతుంటే భార్య గుమ్మానికి అడ్డం నిలబడింది.

"అచ్చాఫీసు సందులోకా? అక్కడ దెయ్యం ఉందంటారు కదండీ!"

"ఉందే," అన్నాడు డ్రైవరు చెప్పులు వెతుక్కుంటూ. "ఈ ఊళ్లో వేళ తప్పకుండా డ్యూటీ చేసేది అదొక్కటే."