వెయిటింగ్ హాల్లో జలపాతం

"జడ్జిగారిని చంపేది తుపాకీ కాదు, కంటి చుక్కలు," అన్నాడు పెద్దాయన ఫైలు మూస్తూ.

ఎదురుగా కూర్చున్న ఏజెంట్ ఎలాగని అడగలేదు. డిపార్ట్‌మెంట్‌లో అతనికి ముంగి అని పేరు పడింది అందుకే. చెప్పింది వినాలి, చెప్పింది చెయ్యాలి, చెప్పనిది అడగకూడదు. ఉద్యోగంలో చేరిన రోజు నేర్పిన ఆ పాఠం అతని ఒంట్లో ఇంకిపోయింది.

విదేశీ ముఠా మీద విచారణ జరుపుతున్న జడ్జిగారికి ఆ ఉదయం కంటి ఆపరేషన్. అంతకుముందు అందరితో పాటు ఆయన్నీ వెయిటింగ్ హాల్లో కూర్చోబెట్టి చుక్కలు వేస్తారు. వేసేవాళ్లలో ఒకడు ముఠా మనిషి. అందరికీ ఒకే నీలం టోపీ, ఒకే మాస్క్. ఎవడో తెలియదు.

"హాల్లో గోడకి డిజిటల్ ఫోటో ఫ్రేమ్ ఉంది," అన్నాడు పెద్దాయన. "దేశం అవతల కూర్చుని బాబాయ్ తన బ్రౌజర్‌లోంచి అందులో బొమ్మ మారుస్తాడు. జలపాతం వస్తే విషం వెయ్యాలి. పడవ వస్తే సీసా పారేసి వెనక గుమ్మంలోంచి ఉడాయించాలి. జలపాతం వచ్చాక, చుక్క పడేలోపు, నువ్వు పడవ పెట్టు. ఎవడు పరిగెడితే వాడే మనకి కావలసినవాడు. ముందే పెట్టావో, బాబాయ్ చూసి మార్చేస్తాడు."

బాబాయ్ అంటే ముఠా నాయకుడు. అంతా ప్రేమగా అలాగే పిలుస్తారు. వేరేలా పిలిచినవాళ్లెవరూ ఇప్పుడు పిలిచే స్థితిలో లేరు.

ఫ్రేమ్ పాస్‌వర్డ్ బాబాయ్‌కి కాక ఇంకొక్కరికే తెలుసు. ఆమె కోడ్ పేరు వెన్నెల. ముఠాలో బాబాయ్‌కి కుడిభుజం, ఇక్కడ పెద్దాయనకి చెవి. అంతకుముందు రోజే సిటీ బస్సులో, నల్ల కళ్లద్దాలతో, పట్టు స్కార్ఫ్‌తో వచ్చి ముంగి పక్క సీట్లో కూర్చుంది.

"పాస్‌వర్డ్ 'నిద్రమొద్దు'. పెట్టింది నేనే. ఎవరి గురించో చెప్పాలా?"

ముంగి చెవులు ఎర్రబడ్డాయి. ఆమెతో కలిసి ఏ బస్సెక్కినా రెండో స్టాప్‌కల్లా నోరు తెరుచుకుని నిద్రపోవడం అతని అలవాటు. మెలకువగా ఉండాల్సిన ఉద్యోగంలో అతనికి కునుకు పట్టేది ఆమె పక్కనే.

"బొమ్మ మారగానే అది నా పనేనని వాళ్లకి తెలిసిపోతుంది. అప్పటికి నేను రైల్లో ఉంటాలే. ఈ పని అయ్యాక నువ్వూ వచ్చెయ్. మళ్లీ నిద్రపోయి రైలు తప్పించకు."

"సరే," అన్నాడు. ఏ రైలని అడగలేదు.

* * *

ఆస్పత్రికి ఎదురుగా జిరాక్స్ షాపు. అతికించిన మీసంతో, సిరా మరకల చొక్కాతో ముంగి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. బ్రౌజర్‌లో ఫ్రేమ్ పేజీ తెరిచాడు. ఫ్రేమ్‌కి చిన్న కెమెరా ఉంది, తెర మీద ఓ పక్క ఫ్రేమ్‌లోని బొమ్మ, ఇంకో పక్క హాలంతా కనిపిస్తోంది; బొమ్మ మార్చాలంటేనే పాస్‌వర్డ్ కొట్టాలి. చుక్కలు వేయించుకున్నవాళ్లు కళ్లు మూసుకుని, తలలు వెనక్కి వాల్చి వరసగా కూర్చున్నారు. మధ్యలో జడ్జిగారు.

అప్పుడు నల్ల కళ్లద్దాలు లోపలికొచ్చాయి. పట్టు స్కార్ఫ్. సరిగ్గా ఫ్రేమ్‌కి ఎదురు కుర్చీలో కూర్చుంది. పక్కన పేపర్ చదువుతున్న బట్టతల మనిషి జరిగి చోటిచ్చాడు.

ముంగి తన చెవిలోని పరికరంలో గుసగుసలాడాడు. "సార్, వెన్నెల లోపలుంది!"

అవతల్నుంచి పెద్దాయన గొంతు వచ్చింది.

"తెలుసు. బాబాయ్ పెట్టిన కట్టుబాటది. పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఫ్రేమ్ ఎదురుగా, కాపలా మనిషి పక్కన కూర్చోకపోతే జలపాతం రాదు. జలపాతం రాకపోతే వాడు దొరకడు. తనే ఒప్పుకుంది."

"నాకు చెప్పలేదే!"

"నువ్వడగలేదుగా."

తెర మీద జలపాతం దూకింది.

ఒక నీలం టోపీ జడ్జిగారి వైపు నడిచాడు. "బాబూ, ఇది రెండు వైపులా వస్తుందా?" అంటూ ఓ ముసలాయన కాగితం చాపాడు. ముంగి వేళ్లు కీబోర్డు మీద బిగుసుకుపోయాయి. నొక్కితే ఆమె పోతుంది. నొక్కకపోతే జడ్జిగారు.

ఆమె కళ్లద్దాలు తీసి సూటిగా కెమెరాలోకి చూసింది. మాట వినిపించలేదు గానీ పెదవులు తెలుస్తూనే ఉన్నాయి.

నిద్రమొద్దూ.

బస్సు దిగాల్సిన చోటు వచ్చినప్పుడు అతన్ని తట్టిలేపే పిలుపు అది. ముంగి అదే టైప్ చేశాడు. పడవ మీద నొక్కాడు. తెర మీద చక్రం తిరుగుతోంది. నీలం టోపీ జడ్జిగారి కనురెప్ప పైకెత్తాడు. సీసా వంచాడు. చక్రం తిరుగుతూనే ఉంది. సీసా మూతి దగ్గర చుక్క ఊరి, వేలాడి...

పడవ వచ్చింది.

వాడు సీసా చటుక్కున వెనక్కి లాగాడు. చుక్క జడ్జిగారి చొక్కా భుజం మీద పడింది. వాడు వెనక గుమ్మం వైపు పరిగెత్తాడు, అక్కడ కాచుకున్న చేతుల్లో పడ్డాడు.

"దొరికాడు! శభాష్!" చెవిలో పెద్దాయన.

ముంగి అప్పటికే రోడ్డు మీద ఉన్నాడు. వెనక ముసలాయన "నా కాగితం!" అని అరుస్తున్నాడు. ఊడిన మీసం ఎక్కడ పడిందో కూడా చూసుకోలేదు.

హాల్లో బట్టతల మనిషి లేడు. కుర్చీలో మడిచిన పేపరుంది. వెన్నెల అందరిలాగే కళ్లు మూసుకుని, తల వెనక్కి వాల్చి ఉంది. మెడ మీద, స్కార్ఫ్ అంచున, చీమ కుట్టినంత ఎర్రటి చుక్క.

అతను ఆమె చెయ్యి పట్టుకోబోతుంటే నర్సు మెల్లగా వారించింది. "కదిలించకండి అన్నా. చుక్కలు వేసినట్టున్నారు. కాసేపు అలాగే ఉండాలి."

ముంగి ఆమె పక్కన కూర్చున్నాడు. కాసేపు అలాగే ఉన్నాడు. గోడ మీద పడవ మాత్రం ఎక్కడికీ పోలేదు.

* * *

కేసు ముగిశాక ఫ్రేమ్‌ని పెద్దాయనే అతని టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. అందులో జలపాతం, పడవ కాక ఇంకో ఫోటో ఉంది. బస్సు కిటికీకి తల ఆనించి, నోరు తెరిచి నిద్రపోతున్న ఓ మొద్దు.

చెయ్యి చాపితే అందే ఫ్రేమ్‌నే ముంగి రోజూ బ్రౌజర్‌లోంచి తెరుస్తాడు, ఆ పాస్‌వర్డ్ కొట్టడం కోసం. లోపలికెళ్లగానే పేజీ హెచ్చరిస్తుంది: మీ పాస్‌వర్డ్ బయటివాళ్లకు తెలిసిపోయింది, వెంటనే మార్చండి. గూఢచారికి అంతకన్నా ముఖ్యమైన పాఠం లేదు.

అతను 'తర్వాత' నొక్కుతాడు.