ఎదురుగాలి అంకె

రవణమ్మను చంపింది ఇంధనమితి. ఆ సంగతిలో సన్యాసయ్యకు ఏనాడూ అనుమానం లేదు. విచారణ అతనికి కావలసింది ఆ యంత్రాన్ని పీకించడానికే.

2074 నాటికి జెట్ విమానంలో ఎంత ఇంధనం పోయాలో పైలట్లు లెక్కగట్టడం మానేశారు. బరువు, దూరం, ఎత్తు, గాలి అన్నీ తూచి ఇంధనమితి చెప్పేది. ఎక్కువ పోస్తే ఆ బరువు మోయడానికే కొంత తగలబడుతుంది. తక్కువైతే గమ్యం అందదు. కిలో తేడా లేకుండా తేల్చడమే దాని పని. సముద్రం మీది గాలి ఉపగ్రహాలకు సరిగా చిక్కదు గనుక, ఎదురుగాలి అంకె మాత్రం మనిషే వేయాలి. పోర్ట్‌బ్లెయిర్‌లో ఇరవై రెండేళ్లుగా ఆ మనిషి సన్యాసయ్య.

పోయిన శ్రావణంలో అతని భార్య రవణమ్మకు గుండెపోటు వచ్చింది. ఆమెను ఎక్కించుకుని విశాఖకు బయలుదేరిన అంబులెన్స్ జెట్, ఇంధనం చాలదని సగం దారిలో వెనక్కి తిరిగింది. ఆమె గాలిలోనే పోయింది. సన్యాసయ్య ఆమెను స్ట్రెచర్ మీద పంపి, స్ట్రెచర్ మీదే దింపుకున్నాడు.

విచారణ గదిలో, ఇంధనమితిని నిర్మించిన తహసీన్ అతని ఎదుట కూర్చుంది.

"ముందు నన్నడగండి బాబాయ్."

"నిన్నేటడుగుతానమ్మా? కన్నదానివి, ఎనకేసుకొస్తావు. దాన్నే మాటాడమను."

ఆమె మీట నొక్కింది.

"ఆ దినం ఎదురుగాలి గంటకి ఎనభై కిలోమీటర్లు," అన్నాడు సన్యాసయ్య యంత్రంతో. "నానేసింది ఎనభై. ఈసిందీ ఎనభై. మరి ఆయిలు తక్కువెందుకు పోయించినావు?"

"నలభైకి లెక్కగట్టాను," అంది ఇంధనమితి.

"ఇన్నావా తల్లీ! దాని నోటితోనే ఒప్పీసుకుంది."

తహసీన్ యంత్రం వైపు తిరిగింది. "నలభై ఎందుకు?" అని అడిగింది.

"అంతకుముందు సన్యాసయ్య గారు ఆరు వేల విమానాలకు అంకె వేశారు. దిగిన విమానాలు చెప్పిన అసలు గాలితో పోల్చి చూశాను. ప్రతిసారీ నలభై కలిపారు. అందుకని నలభై తీసేయడం నేర్చుకున్నాను."

ఆ వృత్తిలో కలపనివాడు లేడు. పైలట్ క్షేమంగా దిగాలని పాతవాళ్లు కొత్తవాళ్ల చెవిలో వేసే మొదటి పాఠం అదే. ఏ పుస్తకంలోనూ ఉండదు.

"మరి ఆ రోజెందుకు కలపలేదు బాబాయ్?"

సన్యాసయ్య బల్ల అంచు పట్టుకున్నాడు.

"కలిపితే బరువెక్కువై డాట్రుని దించీమంటాది. పక్కన డాట్రు లేకపోతే మనిషి దక్కదని... ఉన్నదున్నట్టు ఏసినాను."

"ఆ రోజు అంకె ఉన్నదున్నట్టు వేసిందని పోల్చుకునే ఆధారం నాకు లేకపోయింది," అంది ఇంధనమితి.

తహసీన్ ఫిర్యాదు కాగితాన్ని అతని ముందుకు జరిపింది. సంతకం పెడితే యంత్రం ఆగిపోతుంది. అతను దాన్ని వెనక్కి తోసి లేచాడు.

"దాన్ని ఒగ్గీసినానని అనుకోకండి. నన్నూ ఒగ్గను. కానీ ఈ ఊసు నా కాడ ఎవరూ ఎత్తొద్దు. నానూ ఎత్తను."

ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. ఎత్తలేదు.