మొదటి బుట్ట

ఆ ఇంట్లో ఉప్పు డబ్బా వంటగదిలోంచి భోజనాల బల్ల మీదికి ఎప్పుడు వచ్చి చేరిందో ఎవరూ చెప్పలేరు. ఇంటాయన పోయిన తర్వాతే అన్నది మాత్రం నిజం. ఆ రోజు పొద్దున కూడా తల్లి గుడ్డు పొరటు, కాల్చిన బ్రెడ్డు బల్ల మీద పెట్టి, అటు తిరిగి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. ఆమె అటు తిరగ్గానే నాయనమ్మ డబ్బా మూత తీసి తన పళ్ళెంలో చిటికెడు, మనవరాలి పళ్ళెంలో చిటికెడు చల్లింది. మనవరాలు చెంచా చప్పుడు కాకుండా కలుపుకుంది. ఎలా ఉందని తల్లి అడిగితే ఇద్దరూ బాగుందన్నారు.

ఆ మనవరాలిని ఇంట్లో అమ్మలు అంటారు. ఆఫీసులో పెద్ద పేరే ఉంది కానీ, ఇంటి గడప దాటి లోపలికొస్తే అమ్మలే. ప్రజారోగ్య శాఖలో ఉద్యోగం. నాయనమ్మ దృష్టిలో అది జనాన్ని తిననివ్వని ఉద్యోగం.

తల్లి ఊరి చివర వినోదాల పార్కులో పనిచేస్తుంది. రంగులరాట్నానికీ బొమ్మరైలుకీ మధ్య ఉన్న కౌంటరు ఆమెది. ఇన్నేళ్ళుగా అక్కడ బంగాళాదుంప ఫ్రైస్ వేయించి వేయించి, ఆమెకు ఫ్రైస్ అక్క అనే పేరు స్థిరపడిపోయింది. బొమ్మరైలు నడిపే డ్రైవరు ఆమె భర్త. పిల్లల కోసం రాజులాంటి టోపీ పెట్టుకుని, నిమిషానికోసారి కూత పెట్టే మనిషి. పొద్దున గేట్లు తెరవకముందు, కొత్త నూనెలో వేసిన మొదటి బుట్ట అమ్మకానికి పోదు. నూనె కాగిందో లేదో చూసుకోవడానికి వేసేది కనుక సిబ్బందే తినేస్తారు. ఈమె మాత్రం దాన్ని కాగితప్పొట్లంలో పోసి, కాస్త చల్లారనిచ్చి, రైలు షెడ్డుకు తీసుకెళ్ళి భర్త చేతిలో పెట్టేది. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని చిన్న కూత పెట్టేవాడు. అదే థాంక్యూ. మొగుడూ పెళ్ళాల మధ్య అంతకు మించిన సరసం పార్కులో ఎవరూ చూడలేదు, అదే చాలన్నట్టుండేవారు.

నిరుడు ఒక పొద్దున ఆయన ఆ షెడ్డులోనే కుప్పకూలిపోయాడు. గుండె. పొట్లం చేతిలో అలాగే ఉంది. ఆమె ఏడవలేదు. చుట్టాలు వచ్చి ఏడ్చారు, అత్తగారు గుండెలు బాదుకుంది, కూతురు మూడురోజులు మంచం దిగలేదు. ఈమె అందరికీ టీలు కాచి ఇచ్చింది. సెలవు అయిపోగానే డ్యూటీకి వెళ్ళి, నూనె కాగబెట్టి, మొదటి బుట్ట వేసింది. దాన్ని ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియక కాసేపు నిలబడి, పక్కనున్న డబ్బాలో పారబోసింది. ఆ తర్వాత రోజూ అంతే.

అమ్మలు రాసిన కొత్త పద్ధతి సరిగ్గా ఆ పార్కుకే వచ్చింది. కుటుంబాలు వెళ్ళే వినోద స్థలాల్లో వేపుళ్ళు, తీపి డ్రింకులే కాదు, వాటి పక్కనే, అదే ధరకు, ఒంటికి మంచి చేసేవి కూడా ఉండాలి. పిల్లల తిండితో పాటు అడక్కుండా ఇచ్చేవి మంచినీళ్ళు, పండ్లు అయి ఉండాలి. డ్రింకు కావాలంటే అడిగి తీసుకోవాలి. ఎవరికీ ఏదీ నిషేధం కాదు. తండ్రి పోయాక అమ్మలుకు ఆ పని తప్ప వేరే ఆలోచన లేదు. ముందు ఒక్క పార్కులో చేసి చూద్దాం, జనం తీసుకుంటే అన్నిచోట్లా పెడదాం, లేకపోతే కాగితాలు కట్టేద్దాం అన్నారు పైవాళ్ళు. వేసవితో గడువు అయిపోతుంది.

ఫ్రైస్ పక్కనే పెట్టిన కొత్త కౌంటరు వంట కూడా మేనేజరు ఫ్రైస్ అక్కకే అప్పజెప్పాడు. ఉడికించిన మొక్కజొన్న, బీన్సు గింజల కప్పులు, కూరగాయల సూపు. అమ్మ చెయ్యి పడితే నీళ్ళు కూడా రుచిగా ఉంటాయని అమ్మలు ధైర్యంగా ఉంది. ఆ ధైర్యం కాస్తా శుక్రవారం నాడు పోయింది. మేనేజరు ఫోన్ చేసి, మీ కప్పులు కొంటున్నారు గానీ ఒక చెంచా తిని చెత్తబుట్టలో వేస్తున్నారు మేడమ్, రెండోసారి ఎవరూ రావడం లేదు, మంచి తిండి మన జనానికి పడదని నేను మొదటే అన్నాను అని ఏదో గెలిచినట్టు చెప్పాడు.

ఆదివారం అమ్మలు టిక్కెట్టు కొనుక్కుని మామూలు మనిషిలా పార్కుకు వెళ్ళింది. తల్లి ఫ్రైస్ దగ్గర వంగి బుట్టలు దించుతోంది, ఈమెను చూడలేదు. అమ్మలు కొత్త కౌంటరులో ఉన్న వేరే అమ్మాయి దగ్గర గింజల కప్పు తీసుకుని బెంచీ మీద కూర్చుంది. ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. చప్పిడి. నిమ్మరసం లేదు, మిరియం లేదు, ఉప్పు ఉందంటే ఉంది, లేదంటే లేదు. సూపు తెచ్చుకుంది. అది వేడినీళ్ళకు అన్న. పక్క బెంచీ మీద ఒక పిల్ల కప్పును మొహానికి దూరంగా పట్టుకుని వాళ్ళమ్మ వైపు చూస్తోంది. వాళ్ళమ్మ లేచి ఫ్రైస్ కొనడానికి వెళ్ళింది.

ఆ సాయంత్రం తల్లి పనినుంచి వచ్చి చెప్పులు విడిచేసరికి అమ్మలు బల్ల దగ్గర కూర్చుని ఉంది. నాయనమ్మ టీవీ గొంతు తగ్గించి, చూపు టీవీ మీద పెట్టి, చెవులు ఇటు పెట్టింది.

“ఇవాళ నీ కౌంటరుకి వచ్చానమ్మా,” అంది అమ్మలు. “తిన్నాను.”

“పిలవకపోయావా. ఎలా ఉంది?”

“నువ్వు చెప్పు. ఎలా ఉందో.”

తల్లి సంచీలోంచి టిఫిను గిన్నె తీసి సింకులో పెట్టింది. బాగానే ఉండి ఉంటుందని అంది.

అమ్మలు అప్పటిదాకా పట్టిన ఓపిక అంతా వదిలేసింది. ఊరందరికీ వండిపెట్టే చేతికి గింజలు ఉడికించి ఇంత ఉప్పు, నిమ్మకాయ వెయ్యడం రాదా అంది. ఏడాదంతా తను ఎంతమంది గుమ్మాలు ఎక్కి దిగిందో, నాన్నలా ఇంకొకరు పోకూడదని ఎన్ని రాత్రులు కూర్చుందో అంతా ఏకరువు పెట్టింది. తల్లి కొళాయి కట్టేసి వింటూ నిలబడింది. ఆ మొహంలో ఏమీ లేదు. కోపం వచ్చినా బాగుండేదని అమ్మలుకు అనిపించింది.

“కావాలనే చేశావు కదమ్మా?”

“లేదు.”

“మరి?”

“ఫ్రైస్‌కి నాలుకతో పని లేదు అమ్మలూ. సంచి చింపి బుట్టలో పోసి దించితే, గంట మోగినప్పుడు తీయడమే. ఉప్పు పొట్లాలు విడిగా వస్తాయి. ఇవి అలా కాదు కదా, రుచి చూసి వెయ్యాలి.” తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. “నాకు రుచి తెలియదు. మీ నాన్న పోయిన దగ్గర్నుంచీ. ఏం నోట్లో పెట్టుకున్నా అట్టముక్క నమిలినట్టే. ఎక్కువైపోతుందేమోనని చిటికెడే వేస్తున్నాను.”

“ఎవరికైనా చెప్పొచ్చు కదా.”

“ఇంట్లో అదే చేత్తో వండుతున్నాను. మీరిద్దరూ రోజూ బాగుందంటున్నారు. సరిగ్గానే పడుతోంది కాబోలు అనుకున్నాను.”

అమ్మలు చూపు బల్ల మీద ఉప్పు డబ్బా దగ్గర ఆగిపోయింది. అమ్మను బాధపెట్టకూడదని, ఆమె అటు తిరిగాక చల్లుకున్న చిటికెళ్ళన్నీ గుర్తుకొచ్చాయి. ఆ ఇంట్లో ఒక్కపూట ఒక్కళ్ళు నోరు తెరిచి చప్పగా ఉందని ఉంటే, ఆ తల్లి పార్కులో ఎవరి చేతనైనా రుచి చూపించుకునేది. వాళ్ళు ప్రేమగా అబద్ధమాడారు, ఆమె నమ్మింది.

తల్లి అత్తగారి వైపు చూసింది. నాయనమ్మ టీవీ కట్టేసింది.

“నాకు పళ్ళు లేవు గానీ నాలుక ఉందే,” అంది ఆవిడ. “ఏడాదిగా చప్పిడి కూడే తింటున్నాం. నీకు చెప్పడానికి నోరు రాలేదు. నీ మొహం చూస్తే మొహమాటంగా ఉండేది.”

తల్లి వచ్చి కుర్చీలో కూర్చుంది. డబ్బాను దగ్గరికి లాక్కుని మూత తీసి చూసింది, మళ్ళీ పెట్టేసింది.

“ఇంకో మాట చెప్పాలి,” అంది. “కావాలని చెయ్యలేదు. కానీ జనం పారేస్తుంటే నాకు బాధ కూడా కలగలేదు. హమ్మయ్య అనిపించింది. ఆ కప్పులు అమ్ముడుపోతే, ఇన్నేళ్ళూ రోజూ పొద్దున్నే మీ నాన్న చేతిలో నేను పెట్టిందేమిటో ఒప్పుకోవాలి కదా. ఆ పొట్లం నేనే ఇచ్చాను అమ్మలూ. పోయేరోజు కూడా.”

అదే ఆమె ఏడాదిగా మోస్తున్న బరువు. రేపు పాలు ఎన్ని ప్యాకెట్లు కావాలో చెప్పినట్టు చెప్పింది. వేపుళ్ళు గుండెకు చేటన్న తన కాగితాలన్నీ తల్లి ఎలా చదువుకుని ఉంటుందో అమ్మలుకు ఇప్పుడే తెలిసింది.

నాయనమ్మ కర్ర పట్టుకుని లేచి వచ్చి కోడలి పక్కన కూర్చుంది. “వాడు చంటిపిల్లాడప్పుడు ఏడుపు మానేవాడు కాదు. వేయించిన దుంపముక్క ఒకటి చేతికిస్తే గప్‌చుప్. అలవాటు చేసింది నేను. డాక్టరు మానమన్నాక కూడా నా దగ్గరికొచ్చి, అమ్మా ఒక్కటి వేయించవే అనేవాడు, వేయించేదాన్ని. తిన్నవాడు వాడు. చిన్నపిల్లాడేం కాదు. తిలాపాపం తలా పిడికెడు, నువ్వొక్కదానివే మూటకట్టుకుంటానంటే ఎలా?”

“అత్తయ్యా,” అంది తల్లి, అంతే.

“నువ్వూ అంతేనే,” అని ముసలావిడ మనవరాలి వైపు తిరిగింది. “దేశాన్ని మార్చడానికి బయల్దేరావు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు మీ అమ్మకి కూర చప్పగా ఉందని చెప్పడం నేర్చుకో.”

అమ్మలు లేచి వచ్చి తల్లి భుజం మీద తల పెట్టింది. నాన్నని నువ్వు చంపలేదమ్మా, నేనెప్పుడూ అలా అనుకోలేదు అంది. తల్లి ఆమె జుట్టు నిమిరింది. నమ్మిందో లేదో తెలియలేదు. పొయ్యి మీద సూపు మిగిలినదేదో ఉంటే వేడిచేసి, ముగ్గురూ తిన్నారు. అమ్మలు ఒక చెంచా తాగి, “చప్పగా ఉందమ్మా,” అంది. తల్లి తలూపి, తన చేత్తోనే ఉప్పు వేసింది.

మర్నాడు పొద్దున ముగ్గురూ పార్కుకు వెళ్ళారు. ఇంట్లో నేనొక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చోనని నాయనమ్మ కర్రతో సహా బయల్దేరింది. తల్లి గింజలు ఉడికించి, నిమ్మకాయ పిండి, ఉప్పూ మిరియం చల్లి, ఒక చెంచా కూతురికిచ్చింది. ఇంకాస్త అంది అమ్మలు. మళ్ళీ వేసింది. ఉప్పు వద్దు గానీ పులుపు పడాలంది నాయనమ్మ. ఇంకో చెక్క పిండింది. ఇద్దరూ కలిసి సరిపోయిందన్నాక తల్లి తనూ ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఏమీ తెలియలేదు. అయినా ఈసారి వాళ్ళ మాట నమ్మొచ్చని ఆమెకు తెలుసు.

మొదటి కప్పు పక్కకు తీసి పెట్టింది. కాసేపు దానివంక చూసి, చేతిలోకి తీసుకుని రైలు షెడ్డు వైపు నడిచింది. ఏడాదిలో అటు అడుగు పెట్టలేదు. అమ్మలు వెనకే వెళ్ళింది గానీ దూరంగా ఆగింది. కొత్త డ్రైవరు పట్టాలు తుడుస్తున్నాడు, నడివయసు మనిషి. మొదటిది మా ఆయనకిచ్చేదాన్ని, మీరు తినండి అని చెప్పి కప్పు ఇచ్చింది. అతను చేతులు తుడుచుకుని తీసుకున్నాడు. ఒక చెంచా తిన్నాడు, ఆగకుండా ఇంకోటి తిన్నాడు, కప్పు ఖాళీ చేశాడు. పాత మనుషులెవరో అతనికి చెప్పి ఉంటారు. ఇంజనులోకి వంగి చిన్న కూత పెట్టాడు.

ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత ఏడుపు వచ్చింది, ఏడాదంతా రానిది. అమ్మలు పరుగెత్తుకొచ్చి పక్కన కూర్చుని పట్టుకుంది. తల్లి చాలాసేపు ఏడ్చింది. చెంపల మీద నుంచి జారినది పెదవుల మధ్యకు చేరినప్పుడు ఒక్కసారి ఆగి, నాలుకతో తాకి చూసింది.

“ఉప్పు తెలుస్తోంది అమ్మలూ,” అంది.

అమ్మలు తల్లిని ఇంకా గట్టిగా పట్టుకుంది. కౌంటరు దగ్గర నాయనమ్మ కర్ర నేలకేసి కొడుతూ, గేట్లు తీశారు, జనం వస్తున్నారు, ఎక్కడ చచ్చారే మీరిద్దరూ అని పిలుస్తోంది. తల్లి కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.