కత్తి ఎంచుకునే వేళ

తోలు ఒలవడానికి కత్తి ఎంచుకోవడం చూడ్డానికి చిన్న విషయమే. మొన సూదిగా ఉంటే తోలుకి చిల్లు పడుతుంది. అంచు మొద్దుగా ఉంటే చెయ్యి పడిపోతుంది. మొన గుండ్రంగా, పిడి అరచేతిలో ఇమిడిపోయేట్టు ఉన్నదే మంచిది. ఈ మాత్రం బాతిమాకి ఎవరూ చెప్పక్కర్లేదు. బుఖ్తర్మా నదికి ఎగువన, కొండవాలులో దుప్పుల్ని పెంచే దొడ్డిలో ఇరవై రెండేళ్లుగా ఆమె చేస్తున్న పని అదే.

అది ముసలి దుప్పుల్ని ఏరి కోసే వారం. పొద్దుటి నుంచి ఏడు తోళ్లు ఒలిచింది. మధ్యాహ్నం దాటేసరికి వేళ్లు ఆమెవి కానట్టయ్యాయి. నెత్తుటి వాసన, తడిబొచ్చు వాసన, పొగ వాసన కలగలిసి తలగుడ్డలోకి ఎక్కి కూర్చున్నాయి. ఇంటికి పోయి, పాలు పోసిన టీ ఒక గిన్నెడు తాగి, గోడకి చేరగిలబడాలన్నది ఒక్కటే కోరిక.

సరిగ్గా అప్పుడే దొడ్డి కాపలాదారు ఎర్మెక్ రొప్పుకుంటూ వచ్చాడు.

"వదినా! అన్న నదిలో పడ్డాడు. గడ్డి బండి కింద మంచు విరిగింది. పైకి లాగాం గానీ..."

ఆ "గానీ" తర్వాత ఏముందో వినడానికి బాతిమా నిలబడలేదు.

ఇంట్లో పొయ్యి పక్కన నాలుగు బొంతల కింద ఆమె భర్త కాబ్దెన్ పడి ఉన్నాడు. పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. తలాపున కలంపిర్ అవ్వ కూర్చుంది. ఆ కొండమీద ఎవరికి ఎముక విరిగినా, జ్వరమొచ్చినా ముందు ఆమెకే కబురు వెళ్తుంది.

"వణికినంతసేపూ నేను భయపడలేదే," అంది అవ్వ. "ఇందాకే వణుకు ఆగింది. అదీ భయం. డాక్టరేడిరా?"

"దారి మూసుకుపోయిందవ్వా," అన్నాడు ఎర్మెక్. "రేపు మధ్యాహ్నం దాకా బండి పైకి రాదంట."

"అయితే తోలు కావాలి. వేడి తోలు. ఒక్క చిల్లు కూడా పడకూడదు."

చలి ఎముకల్లోకి దిగిన మనిషిని అప్పుడే ఒలిచిన తోల్లో, లోపలివైపు ఒంటికి తగిలేలా చుట్టేస్తారు. తోలులోని వేడి మనిషిలోకి పోతుంది. తెల్లారేసరికి తోలు చల్లబడి చెక్కలా బిగుసుకుంటుంది, మనిషి లేచి కూర్చుంటాడు. మామూలుగా దానికి గొర్రెతోలు వాడతారు. కానీ గొర్రెలన్నిటినీ కిందికి తోలేసి నెలయింది. పొద్దుటి నుంచి ఒలిచిన ఏడు తోళ్లూ అప్పటికే గడ్డకట్టాయి. మిగతా దుప్పులు కొండ మీద మేతలో ఉన్నాయి. చేతికందేది ఒక్కటే, కంచెలో కాలు విరగ్గొట్టుకున్న మగదుప్పి.

బాతిమా గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అవ్వ కేక వినిపించింది. "కత్తి తాపీగా ఎంచుకోవే!"

"ఇక్కడ మనిషి పోతుంటే తాపీ ఏంటవ్వా!"

వెలుగు సన్నగిల్లుతోంది. ఎర్మెక్ దుప్పి తలని పడమటికి తిప్పి, దేవుడి పేరు తలిచి, గొంతు కోశాడు. వేడి నెత్తురు మంచులో గుంట చేసుకుంటూ దిగింది.

ఇక్కడ దోసిమ్ తాత సంగతి చెప్పాలి. బాతిమాకి ఈ పని నేర్పింది ఆయనే. పోయి రెండేళ్లయింది. దుప్పి కూలగానే ఆయన గుడ్డ పరిచి, మూడు కత్తులు వరసగా పెట్టేవాడు. ఒకటి తీసి గోటి మీద పరీక్షించేవాడు, సానరాయికి రాసేవాడు, కింద పెట్టేవాడు. ఇంకోటి తీసేవాడు. చివరికి మళ్లీ మొదటిదే తీసుకునేవాడు.

"ఏం తాతా, పెళ్లిచూపులా?" అని కుర్రాళ్లు ఏడిపిస్తే, "అవున్రా, మూడోదానికి కాస్త మెల్లకన్ను," అనేవాడు.

బాతిమా కూడా నవ్వేది. నవ్వుతూనే ఆ అలవాటు పట్టుకుంది. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. బళ్లో పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు ఇరవై రెండేళ్లూ గుడ్డ పరిచింది, కత్తులు చూసింది.

ఇవాళ గుడ్డ పరవలేదు. నడుముకున్న కత్తి లాగింది.

"వదినా..." ఎర్మెక్ గొంతు తగ్గించాడు. "కన్ను ఇంకా..."

"కన్ను సంగతి తర్వాత. కాలు పట్టుకో."

అన్నేళ్లలో ఏ తోలూ అంత తేలిగ్గా రాలేదు. మామూలుగా అయితే తోలుకీ కండకీ మధ్య పిడికిలి దూర్చి, బరువంతా వేసి నెట్టాలి. ఇది మాత్రం నిద్రపోతున్న మనిషి ఒంటి మీంచి చొక్కా జారినట్టు జారింది. ఒక్క గాటు లేదు. ఒక్క చిల్లు లేదు. కత్తి పని దాదాపు లేదు. బాతిమా సంతోషపడాలి. ఒళ్లంతా అలిసిపోయి ఉండటం వల్లే సంతోషం రాలేదనుకుంది.

చివరి అంచు మెడ దగ్గర ఊడింది. తోలు మొత్తం ఎర్మెక్ చేతుల్లోకి వచ్చింది.

అప్పుడు... ఎర్రగా, నున్నగా పడి ఉన్న ఆ కళేబరం... కన్ను తిప్పింది. ఎర్మెక్ చేతుల్లోని తోలు వైపు చూసింది. ఆ తర్వాతే ఆ కన్ను ఆగిపోయింది.

"చూశావా?" అన్నాడు ఎర్మెక్ గుసగుసగా.

"చూళ్లేదు. నడు."

కాబ్దెన్‌ని మెడ నుంచి పాదాల దాకా తోల్లో చుట్టారు. బొచ్చు పైకి, చర్మం లోపలికి. మూడు చోట్ల తాడు బిగించారు. గంట తిరక్కుండానే పెదవులకి రంగొచ్చింది. మరో గంటకి గురక వినిపించింది. బాతిమా గోడకి ఆనుకుని కూలబడింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

"ఏ కత్తి తీసుకున్నావే?" అంది అవ్వ.

"నడుముకున్నది."

"మిగతా రెండూ చూశావా?"

బాతిమా తల అడ్డంగా ఊపింది.

"దోసిమ్ కత్తులు చూసేవాడనుకున్నావా? చేతులు కత్తుల మీద, చూపు దుప్పి కంటి మీద పెట్టేవాడు." అవ్వ పొయ్యిలోకి ఒక కట్టె తోసింది. "కత్తి ఎంచుకునే వేళ మనది కాదే తల్లీ. దానిది. ఒళ్లు వదిలి పోవడానికి దానికిచ్చే గడువు."

"ఇప్పుడేం చెయ్యను?"

"తోలు చల్లారనీ. చల్లారిందా, ఏం భయం లేదు."

ఆ రాత్రి బాతిమా తోలు మీంచి చెయ్యి తియ్యలేదు. పొయ్యి ఆరిపోయింది. కిటికీ లోపలివైపు కూడా మంచు పట్టింది. ఆమె చెయ్యి చల్లబడింది, ముక్కు చల్లబడింది. తోలు మాత్రం... వెచ్చగానే ఉంది. కునుకు పట్టినప్పుడల్లా అరచేతి కింద అది మెల్లగా పైకి లేస్తూ, దిగుతూ ఉంది. ఊపిరి కాబ్దెన్‌దే కదా, అనుకుంది. అలా అనుకోవడమే తేలిక.

తెల్లవారింది. కాబ్దెన్ నుదుటి మీద చెమట మెరుస్తోంది. బతికాడు. ఇక విప్పెయ్యాలి.

మూడు తాళ్లూ విప్పింది. తోలు విచ్చుకోలేదు.

రొమ్ము దగ్గర ఒక అంచు మీద ఇంకో అంచు వేసి తనే కట్టింది. ఆ చోటు తడిమింది. అంచు చేతికి తగల్లేదు. పక్కకి తడిమింది. అక్కడా లేదు. బొచ్చు... బొచ్చు... అంతా ఒకటే బొచ్చు.

బాతిమా గుడ్డ పరిచింది. మూడు కత్తులూ వరసగా పెట్టింది. ఒకటి తీసింది, గోటి మీద పెట్టి చూసింది, దించింది. రెండోది తీసింది. సానరాయికి రాసింది. తొందరపడలేదు. కలంపిర్ అవ్వ కూడా తొందరపెట్టలేదు. జపమాల తిప్పుతూ కళ్లు మూసుకుంది.

చివరికి గుండ్రటి మొన ఉన్నది తీసుకుంది. మెడ దగ్గర మొదలుపెడదామని కాబ్దెన్ గడ్డం కింద వేళ్లు పెట్టి, తోలు ఎక్కడ మొదలవుతుందో వెతికింది. నెరిసిన గడ్డం... దాని కింద మెత్తటి మెడ... వేళ్లు జారుతూ జారుతూ ఎర్రటి బొచ్చులోకి వెళ్లిపోయాయి. మధ్యలో గట్టు లేదు. గీత లేదు.

కత్తి ఎక్కడ పెట్టాలో ఆమెకి తెలియలేదు.

అప్పుడు ఎర్మెక్ కట్టెల మోపుతో తలుపు తోసుకుని వచ్చాడు. అతని వెనకే మంచుగాలి దూసుకొచ్చి తోలుని తాకింది.

మెడ నుంచి పాదాల దాకా, దుప్పి బొచ్చంతా ఒక్కసారి నిక్కబొడుచుకుంది.

"తలుపు వెయ్యరా," అన్నాడు కాబ్దెన్ కళ్లు తెరవకుండానే. "చలేస్తోంది నాకు."