ఫ్లాస్కు బాబు తాగని కాఫీ

"వద్దండీ. నేను తాగను."

ఆ ఒక్క మాటకి మేనత్త చేతిలో ట్రే ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కాఫీ తోట మధ్యలో, కాఫీ గింజలు ఆరబోసిన కళ్ళం పక్కన కూర్చుని కాఫీ వద్దన్న మనిషిని ఆవిడ పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"షుగరా బాబూ?" అంది జాలిగా.

"లేదండీ."

"పోనీ కడుపులో మంటా? ఈ వయసులో!"

"అదీ లేదండీ. మా రూలు. చెకింగ్‌కి వెళ్ళిన చోట ఎవరిదగ్గరా ఏమీ తీసుకోకూడదు. మంచినీళ్ళు కూడా." అంటూ బ్యాగులోంచి స్టీలు ఫ్లాస్కు తీసి, తన నీళ్ళు తనే తాగాడు. అంతే, ఆ క్షణం నుంచి అతను ఆ ఇంట్లో 'ఫ్లాస్కు బాబు' అయిపోయాడు. అసలు పేరు చెప్పాడు, ఎవరూ పట్టించుకోలేదు.

ఇదంతా స్తంభానికి ఆనుకుని వింటున్న ఆవిడ మేనకోడలికి ఒళ్ళు మండింది. ఆమె ఆ ఇంటి కూతురే కాదు, ఆ కొండ మీద చిన్న చిన్న తోటలున్న వాళ్ళందరి సంఘానికి సెక్రటరీ. కొండంతా ఆమెని సెక్రటరీ అనే పిలుస్తారు. కన్నతండ్రి కూడా, కోపమొచ్చినప్పుడు.

"మా కాఫీ తాగరు గానీ, మా కాఫీకి ముద్ర వేస్తారా?"

"ముద్ర రుచికి కాదండీ."

"మరి దేనికో?"

"పద్ధతికి."

"మా పద్ధతికేం? ఇంటికొచ్చినవాళ్ళకి కాఫీ ఇస్తాం. తాగనివాళ్ళదే పద్ధతి బాలేదు."

అతను నవ్వాపుకోవడానికి ఇంకో గుక్క నీళ్ళు తాగాడు. అది చూసి ఆమెకి ఇంకా మండింది.

ఇంతకీ ఆ ముద్ర సంగతి చెప్పనేలేదు కదూ. కాఫీ ప్యాకెట్ మీద ఒక మూల చిన్న ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంటుంది. పిల్లల చేత పని చేయించలేదనీ, కోతకొచ్చిన ఆడవాళ్ళకి కూలి సరిగ్గా ముట్టిందనీ, కాఫీకి నీడనిచ్చే చెట్లు నరకలేదనీ, వాగులో మందులు కలపలేదనీ దాని అర్థం. అది ఉంటే టౌన్‌లోని పెద్ద కాఫీ షాపు ఆమె సంఘం పంటంతా మంచి ధరకి కొంటానంది. లేకపోతే మళ్ళీ పాత దళారి గుమ్మమే గతి. ఆ మహానుభావుడు గింజల్ని వేళ్ళతో కెలికి, మూతి విరిచి, తన నోటికొచ్చిందే ధర అనే రకం. కొండంతా ఈ ముద్ర మీదే ఆశలు పెట్టుకుంది. అందరినీ ఒప్పించి ఈ దారిలోకి తెచ్చింది సెక్రటరీయే. తేడా వస్తే అందరూ చూసేది ఆమె మొహమే.

అవన్నీ సరిచూడటానికి వచ్చిన ఫ్లాస్కు బాబు మాత్రం తాపీగా తోటంతా తిరిగాడు. వాగులో నీళ్ళు సీసాలో పట్టాడు. పండు కోసే ఆడవాళ్ళ పక్కన కూర్చుని, గ్లవ్స్ ఇస్తున్నారా, బాత్రూం ఉందా, సెక్రటరీ అరుస్తుందా అని కూడా అడిగాడు.

"ఆ ప్రశ్న మీ రూల్స్‌లో ఉందా?" అంది ఆమె వెనకనుంచి.

"లేదండీ. అది నా సొంతం."

"ఏం చెప్పారు?"

"అరుస్తుందట. కానీ పనిలో చెయ్యి తెగితే ముందు పరిగెత్తుకొచ్చేది కూడా మీరేనట."

ఏదో గట్టిగా అందామని నోరు తెరిచి, ఏమీ దొరక్క మూసేసింది సెక్రటరీ. కొండ మీద అది పెద్ద వార్తే.

మర్నాడు మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వాన దిగింది. కళ్ళమంతా గింజలు! "టార్పాలిన్!" అని ఆమె పెట్టిన కేకకి కొండ అటువైపు తోటల్లో వాళ్ళు కూడా తమ గింజలు కప్పుకుని ఉంటారు. ఆమె ఒక కొస లాగుతుంటే రెండో కొస దానంతటదే లేచింది. చూస్తే ఫ్లాస్కు బాబు, కళ్ళజోడు మీదనుంచి నీళ్ళు కారుతూ.

"మీరు పట్టుకోవచ్చా? రూలు ఒప్పుకుంటుందా?"

"తినకూడదు, తాగకూడదు అని ఉందండీ. తడవకూడదని లేదు."

ఆమె ఫక్కున నవ్వేసింది. నవ్వాక గుర్తొచ్చింది, ఈయన మీద కోపంగా ఉన్నాం కదా అని. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఇద్దరూ పల్పర్ షెడ్డు చూరు కింద నిలబడ్డారు. పండు తొక్క తీసే ఆ మిషను పక్కన చోటే తక్కువ. ఇంట్లోంచి మేనత్త కాఫీ వాసన గుప్పున వచ్చింది. అతను గబుక్కున మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఏమైందండీ?"

"మీ అత్తయ్యగారు కాఫీ కలిపినప్పుడల్లా నేను ఈ షెడ్డు చెకింగ్‌కి వస్తున్నాను. గమనించారా?"

"ఆ, అన్నిసార్లు ఏం వెతుకుతున్నారా అని నాన్న హడలి చస్తున్నారు!"

"ఏమీ లేదు. ఆ వాసన తట్టుకోలేక పారిపోయి వస్తున్నా. నాకు కాఫీ అంటే ప్రాణం. ఇన్ని తోటలు తిరిగాను, ఒక్క తోటలోనూ తాగలేదు."

ఆమె అతని వంక చూసింది. అతనూ చూశాడు. ఆమె చటుక్కున వాన వైపు తిరిగింది. ఈ మనిషి తనకి నచ్చేశాడని ఆ నిమిషంలోనే తెలిసిపోయింది. తెలియగానే భయం కూడా వేసింది. ముద్ర వేయాల్సినవాడు, ఇదేం బుద్ధి తనకి?

చెకింగ్ అయిపోయి అతను వెళ్ళే రోజు రానే వచ్చింది. అందరికీ దండం పెట్టాడు. పొద్దున్నుంచీ మాట్లాడీ మాట్లాడీ గొంతు ఎండిపోయిందేమో, గేటు దగ్గర ఆగి ఫ్లాస్కు ఎత్తి తాగాడు.

తాగి, అలాగే కళ్ళు మూసుకున్నాడు.

"ఎవరు పోశారు ఇందులో?"

"నేనే!" అంది మేనత్త, మొహం వెలిగిపోతుండగా. "మొన్న వానలో తడిశావు కదా బాబూ, పాపమనిపించి ఆ చల్లనీళ్ళు పారబోసి వేడివేడి కాఫీ నింపా. ఎలా ఉంది?"

అతను ఫ్లాస్కు మూత నెమ్మదిగా బిగించాడు.

"ఈ సంగతి నేను ఆఫీసులో చెప్పాలండీ."

నాన్న మొహంలో నెత్తురు చుక్క లేదు. సెక్రటరీ అతన్ని పక్కకి పిలిచింది.

"చెప్తే ఏమవుతుంది?"

"నా చెకింగ్ చెల్లకపోవచ్చు. మళ్ళీ ఇంకొకరు రావాలి."

"అప్పటిదాకా షాపువాళ్ళు ఆగుతారా? పంట దళారి పాలవుతుంది! ఒక్క గుక్కండీ! అదీ మీకు తెలియకుండా తాగారు. మింగేసి ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది?"

"మీకు తెలుస్తుంది."

ఆమె చూపు గేటు వైపు తిప్పుకుంది.

"ప్యాకెట్ మీద ఆ ఆకు చూసినప్పుడల్లా, ఇది వేసినవాడు ఒకసారి అబద్ధం చెప్పాడని మీకు గుర్తొస్తుంది. అది నావల్ల కాదండీ," అన్నాడు తల వంచుకుని.

"అయితే వెళ్ళండి! మళ్ళీ మా గడప తొక్కకండి!" అనేసింది. అనేసి, షెడ్డులోకి వెళ్ళి మిషను చప్పుడులో తనివితీరా ఏడ్చింది. మేనత్త రెండు రోజులు పొయ్యి ముట్టుకోలేదు. ఆ ఇంట్లో అందరూ నాన్న పెట్టిన కాఫీ తాగాల్సి వచ్చింది. అంతకంటే పెద్ద శిక్ష ఆ కొండ మీద లేదు.

ఏడిస్తే పనులవుతాయా? కాస్త గడువడుగుదామని సెక్రటరీ టౌన్‌కి బస్సెక్కింది. షాపాయన మంచివాడే. "ముద్ర రానీ అమ్మా, ఇంకొన్నాళ్ళు ఆగుతా. కానీ మరీ నెలలంటే నావల్ల కాదు," అన్నాడు.

బయటికి వస్తుంటే, డ్యూటీ దిగి వచ్చిన ఒక నర్సు అలమారలోంచి కాఫీ ప్యాకెట్ తీసి, అటూ ఇటూ తిప్పి, ఆకు బొమ్మ కనబడ్డాక బుట్టలో వేసుకుంది. సెక్రటరీ ఊరుకోలేకపోయింది.

"ఏవండీ, పక్కది చవక కదా. ఇదే ఎందుకు?"

"ఇది తాగితే నిద్ర పడుతుందండీ," అని నవ్వింది నర్సు. "కాఫీ తాగి నిద్రపోయేదాన్ని ఈ టౌన్‌లో నేనొక్కదాన్నే! ఎవరో చిన్నపిల్లలు మోసిన బస్తా కాదు కదా అని మనసుకి హాయి. నేను ఆ తోటకెళ్ళి చూడలేను. నా బదులు ఒకరు వెళ్ళి చూసొచ్చారు. వాళ్ళ మాట మీద నమ్మకం, అంతే."

"మరి... ఆ చూసినవాడు అక్కడ కాఫీ తాగేసి వస్తే?"

"తాగితే ఏమవుతుంది? తాగి, తాగలేదంటేనే తప్పు."

సెక్రటరీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరుగు బస్సులో దారి పొడుగునా తనని తనే తిట్టుకుంది. ఏ నిజాయితీకి ఆకు బొమ్మ వేస్తారో, ఆ నిజాయితీ గేటు దాకా నడిచొస్తే గడప తొక్కొద్దని తరిమింది తను. పైగా ఆ మనిషి లేని కళ్ళం బోసిపోయింది. ఇది ఎవరితో చెప్పుకోవాలి?

అనుకున్నదానికంటే ముందే కొత్త చెకింగ్ వచ్చింది. ఈసారి ఒక పెద్దావిడ. ఆవిడా ఫ్లాస్కు తెచ్చుకుంది. మేనత్త అలవాటు కొద్దీ ట్రే పట్టుకుని గుమ్మం దాటబోతే, ఇంటిల్లిపాదీ ఒక్కసారిగా అరిచారు. ఆ పెద్దావిడ మళ్ళీ మొదటినుంచీ అంతా చూసింది. చూడటం పూర్తయ్యాక సెక్రటరీని పిలిచింది.

"అన్నీ బాగున్నాయమ్మా. ముద్ర వస్తుంది. ఇంక నా పని అయిపోయింది కాబట్టి ఒక మాట చెప్తా. ఆ గుక్క కాఫీకి చెకింగ్ రద్దు చేయక్కర్లేదని ఆఫీసులో అప్పుడే అన్నాం. అతనే వినలేదు. ఈ కొండకి ఇంక తనని ఎప్పటికీ పంపొద్దన్నాడు."

ఆమె ఆగలేక అడిగేసింది. "అంత కోపమా మామీద?"

"నేనూ అదే అడిగా. 'కోపం కాదు మేడం. అక్కడివాళ్ళ వైపు నా మనసు ఒరిగిపోయింది, ఇంక నా మాట చెల్లకూడదు' అన్నాడు. అక్కడివాళ్ళంటే ఎంతమందయ్యా అంటే నీళ్ళు నమిలాడు."

సెక్రటరీ మొహం కోతకొచ్చిన కాఫీ పండు రంగుకి తిరిగింది. పెద్దావిడ ఏమీ ఎరగనట్టు ఫ్లాస్కు తీసుకుని వెళ్ళిపోయింది.

ముద్ర వచ్చింది. షాపు లారీ వచ్చి బస్తాలు ఎత్తుకెళ్ళింది. కొండంతా సంబరంగా ఉంది. ఆమె చూపు మాత్రం గేటు మీదే.

ఒక ఆదివారం పొద్దున్న గేటు బయట బైక్ ఆగింది. బ్యాగు లేదు. ఫ్లాస్కు లేదు. మనిషి మాత్రం ఉన్నాడు.

"గడప తొక్కొద్దన్నారు కదా, ఇక్కడే నిలబడ్డా," అన్నాడు.

"ఏం కావాలి?" అంది ఆమె.

"కాఫీ."

కళ్ళంలో గింజలు తిరగేస్తున్న వాళ్ళందరూ ఆగిపోయారు. నాన్న తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. "ఏం బాబూ, రూలు మారిందా?"

"రూలు అదేనండీ. నేనే ఇంక ఈ కొండకి చెకింగ్‌కి రాను. అందుకని తాగొచ్చు. ఇవాళే కాదు, మీరూ, మీ అమ్మాయీ ఒప్పుకుంటే... రోజూ తాగుదామని."

"మీ ఇంట్లో తెలుసా?"

"అమ్మకి చెప్పానండీ. బయల్దేరుతుంటే ఫ్లాస్కు ఆవిడే లాక్కుంది."

నాన్న కూతురి వైపు చూశాడు. ఆమె కాలి బొటనవేలితో నేల మీద గీతలు గీస్తోంది. ఆ పిల్ల అలా నిలబడటం ఆయన ఇదే మొదటిసారి చూడటం. విషయం అర్థమైపోయింది.

"దీని నోరు పెద్దది బాబూ. బాగా ఆలోచించుకున్నావా?"

"చెకింగ్ పూర్తయిందండీ."

"నాన్నా!" అంది ఆమె. అని, వంటింట్లోకి పరుగెత్తింది. మేనత్తని పొయ్యి దగ్గరికి కూడా రానివ్వలేదు. గ్లాసు తనే తెచ్చి, గేటు తీసి, అతన్ని లోపలికి పిలిచి, చేతికిచ్చింది.

"ఆ రోజు తప్పుగా మాట్లాడాను," అంది మెల్లగా. "మీరు చెప్పిందే నిజం. మీరప్పుడు ఊరుకుని ఉంటే, ఇవాళ మీకీ గ్లాసు ఇచ్చేదాన్ని కాదు."

అతను ఒక గుక్క తాగాడు. మేనత్త పక్కనే కాచుకుని ఉంది. అప్పటినుంచీ ఆవిడ ప్రశ్న అలాగే ఉండిపోయింది మరి. "ఎలా ఉంది బాబూ?"

అతను సెక్రటరీ వైపు ఇబ్బందిగా చూశాడు. "నిజం చెప్పనా?"

"మీకు ఇంకోటి వచ్చా?"

"చక్కెర వేయలేదండీ."

మేనత్త నెత్తి కొట్టుకుంది. కళ్ళమంతా గొల్లున నవ్వింది. ఆమె సిగ్గుతో చచ్చిపోతూ గ్లాసు లాక్కోబోయింది. "ఇటివ్వండి, వేసుకొస్తా!"

"ఉండనివ్వండి," అన్నాడు అతను గ్లాసు వదలకుండా. "ఆ రోజు ఒక్క గుక్క దగ్గరే ఆగిపోయాను. ఇవాళ మొత్తం తాగనివ్వండి."

ఆమె మొహం చూస్తూ, ఆ చేదు కాఫీ అడుగుదాకా తాగాడు. ఖాళీ గ్లాసు ఆమె చేతికిచ్చి అన్నాడు:

"ఇంకొకటి. ఈసారి చక్కెరతో."