బాగుచేసిన ముఖం

పొద్దున్నే టీ గ్లాసులు కడగకముందే ఆ ఇంట్లో బడి మొదలయ్యేది. పంతులమ్మేమో కూతురు, చదువుకునే పిల్లేమో తల్లి. డెబ్బై దాటిన పిల్ల. వంటింటి బల్ల మీద పెద్ద ఆల్బమ్ తెరిచి కూతురు ఒక్కో ఫోటో మీద వేలు పెట్టేది. అదెవరో తల్లి చెప్పాలి. డాక్టరు రాసిచ్చిన మాత్రలతో పాటు ఇది కూడా మందే.

“ఈవిడెవరమ్మా?”

“మా అమ్మ. ఒంటి మీదున్నవి నేను కుట్టిన బట్టలే. రవిక చెయ్యి ఒకటి పొట్టయిందని బతికినన్నాళ్ళూ దెప్పింది.”

“ఈ పాప?”

“నువ్వే. ముక్కు తుడిచేలోపు తీసేశారు.”

“మరి ఈయన?”

ఆవిడ ఆగింది. మెరిసే కాగితం మీద ముప్పై ఏళ్ళ మనిషి. ఒత్తయిన కనుబొమలు, తీర్చిన పలువరుస. ఎదుటివాళ్ళ కళ్ళలోకి సూటిగా చూస్తున్నాడు.

“ఎవరో తెలీదు.”

“సరిగ్గా చూడు.”

“ఎంతసేపు చూస్తే మాత్రం, తెలియనివాడు తెలిసినవాడవుతాడా?”

“నాన్న కదమ్మా.”

“మీ నాన్న కాడు,” అంది ఆవిడ ఆల్బమ్ మూస్తూ. “నీకు డ్యూటీకి టైమవుతోంది. భోజనం డబ్బా ఫ్రిజ్ మీద పెట్టి మర్చిపోయావు. నిన్నా అంతే చేశావు.”

కూతురు డబ్బా తీసుకుని గుమ్మం దాటి, బయటినుంచి తాళం వేసింది. తాళం చెవి ఇప్పుడు ఆమె సంచీలోనే ఉంటోంది.

వీధిలో అందరూ తల్లిని టైలరమ్మ అనేవాళ్ళు. భర్త నూలు మిల్లులో పనిచేసేవాడు. కూతురికి రెండేళ్ళప్పుడు, కొడుకు ఇంకా కడుపులో ఉండగా, జ్వరమొచ్చి వారం తిరక్కుండా పోయాడు. అప్పటినుంచి కుట్టుమిషన్ తొక్కి ఇద్దర్నీ పెంచి ప్రయోజకుల్ని చేసింది. ఆయన తాలూకు మిగిలినవి నాలుగు ఉత్తరాలు, ఒక ఫోటో. ఆ ఫోటో కూడా ఆయనొక్కడిదీ కాదు. మిల్లు పనివాళ్ళంతా వరసలుగా నిలబడి దిగింది. వెనక వరసలో ఎక్కడో కందిగింజంత ముఖం. దాని మీద వానచుక్క పడి మరకైంది. పిల్లలకి ఆ మరకే నాన్న. టైలరమ్మ మాత్రం పని ముగిశాక ఆ ఫోటో తీసి, కళ్ళద్దాలు తుడుచుకుని, అద్దంలో మనిషిని చూసినట్టు చూసుకునేది.

చిన్నోడంటే ఆవిడ కొడుకు. నలభై దాటి, జుట్టు పలచబడినా చిన్నోడే. ప్రింటింగ్ ప్రెస్సులో అట్టపెట్టెల మీద బొమ్మలు, లేబుళ్ళు తయారుచేసే పని. తల్లి పుట్టినరోజుకి ఏం చెయ్యాలా అని ఆలోచించి ఆ పాతవన్నీ తీసుకెళ్ళాడు. అవి దాచిన పెట్టెకి చెద పట్టిందని అప్పటికే గోల. అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఉత్తరాలు తప్పుల్లేకుండా టైపు చేయించి, ఫోటోలు బాగుచేసి, బంగారు అంచుల ఆల్బమ్‌గా కుట్టించి తెచ్చాడు. చెద పట్టిన కాగితాలు మాత్రం ప్రెస్సు వెనక తగలబెట్టేశాడు. ఉన్నవి అంతకంటే బాగా వచ్చాక ఇంక అవెందుకు?

అందరికంటే బాగా వచ్చింది నాన్న. ఫోటోలు బాగుచేసే ప్రోగ్రాంలో ఆ మరక మీద నొక్కగానే తెర మీద ముఖం విచ్చుకుని, కళ్ళు తెరిచి, తనవైపు చూసిందట. చిన్నోడు ప్రెస్సులో అందరి ముందూ ఏడ్చేశాడు. పుట్టి బుద్ధెరిగాక వాడికి నాన్న కనబడటం అదే మొదలు. తనింట్లో గోడకి పెద్దది చేసి పెట్టుకుని, పనికి వెళ్తూ దానికి చెప్పి వెళ్ళేవాడు.

పుట్టినరోజు నాడు ఆల్బమ్ తెరిచి టైలరమ్మ అడిగిన మొదటి మాట, “ఈయనెవర్రా?”

అక్కడ మొదలైంది. కట్టుకున్న మొగుణ్ణే గుర్తుపట్టలేదంటే ఇంకేముందని అక్కాతమ్ముళ్ళు బెంబేలెత్తిపోయారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన ఇవాళ తారీఖెంత అని అడిగితే, “నాకు తారీఖుతో పనేంటి బాబూ, జీతమొస్తుందా?” అంది. డాక్టరు నవ్వలేదు. మరుపు మొదలై ఉండొచ్చు, జాగ్రత్తగా చూసుకోండి, ఇంట్లోవాళ్ళ ఫోటోలు రోజూ చూపించండి అన్నాడు. ఆ ఫోటో బాగుచేసిందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తట్టలేదు.

తర్వాత ఒక్కొక్కటే పోయాయి. ముందు తాళంచెవి, తర్వాత పొయ్యి వెలిగించే హక్కు. ఆఖరికి ఓ రోజు కత్తెర కూడా బీరువాలోకి వెళ్ళింది. కత్తెర లేని టైలరు మిషన్ ముందు ఏం చేస్తుంది? ఖాళీ సూది కింద చెయ్యి పెట్టుకుని కూర్చునేది. పిచ్చెక్కిందని వీధిలో ఒకరిద్దరు అనుకున్నారు కూడా.

ఆదివారం చిన్నోడు వచ్చాడు. చేతిలో రంగురంగుల కాగితం. పెద్దవాళ్ళని చూసుకునే హోం ఒకటి కొత్తగా తెరిచారట.

“అక్కా, నువ్వూ బావా డ్యూటీలకి పోతే అమ్మ ఒక్కతే ఉంటుంది. రేపేదైనా జరిగితే?” అన్నాడు.

“నేనిక్కడే ఉన్నానురా,” అంది టైలరమ్మ. “నా గురించి నాతో మాట్లాడు.”

“సరే, నీతోనే మాట్లాడతాను.” చిన్నోడు ఆల్బమ్ తెచ్చి ఒళ్ళో పెట్టాడు. “ఈయనెవరో చెప్పు. హోం మాట ఇంక ఎత్తను.”

టైలరమ్మ ఆల్బమ్ వంక చూడలేదు, కొడుకు వంక చూసింది. “నువ్వు కళ్ళు తెరవకముందు పోయిన మనిషిని నువ్వు నాకు చూపిస్తున్నావా? మీ నాన్నకి ఒక కన్ను కాస్త చిన్నది. నవ్వితే అది మూసుకుపోయేది. ముందుపన్ను వంకర. ఈయనెవరో దొరబాబులా ఉన్నాడు.”

“అదేనమ్మా జబ్బు,” అంది కూతురు నెమ్మదిగా. “లేనివి ఉన్నట్టు అనిపిస్తాయిట.”

“ఆయనతో కాపరం చేసింది నేనా, మీరా?”

చిన్నోడు ఆల్బమ్ తన ఒళ్ళోకి లాక్కున్నాడు. “నాకు నాన్నంటూ దొరికింది ఈ ఒక్క ముఖమే. నీకు గుర్తులేకపోతే లేకపోయింది. నాకూ లేకుండా చెయ్యకమ్మా.”

అల్లుడు లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు. ఆయన మంచివాడే, అత్తగారి పక్షాన ఒక మాట అందామని నోటిదాకా వచ్చి ఉంటుంది. కానీ అక్కా తమ్ముడూ డాక్టరూ ఒక మాట మీదుంటే నాలుగోవాడికి తన మాట మీద తనకే అనుమానం వస్తుంది. మేకని కుక్క చెయ్యడానికి పదిమంది అక్కర్లేదు, కన్నబిడ్డలు ఇద్దరుంటే చాలు.

టైలరమ్మ అడిగింది. “ఈయనే మీ నాన్న అని చెప్తే, నా కత్తెర ఇస్తారా?”

“ఊరికే చెప్పడం కాదమ్మా, గుర్తుపట్టాలి,” అంది కూతురు. రోజంతా ల్యాబ్‌లో ఒకరి రక్తం ఇంకొకరి పేరు మీద పడకుండా చూసే మనిషి. పేరు సరిగ్గా ఉంటే తప్ప నమ్మదు.

“అలాగే,” అంది టైలరమ్మ.

ఆ తర్వాత ఆవిడ ఎవరూ అడక్కుండానే ఆల్బమ్ తెరిచి కూర్చునేది. ఎక్కం వల్లెవేసే పిల్లలా ఆ ముఖాన్ని చూడటం, కళ్ళు మూసుకోవడం, మళ్ళీ చూడటం. మొదట్లో కళ్ళు మూసుకోగానే తల అడ్డంగా ఊపేది. రానురాను ఊపడం మానేసింది. వానలు పడే వేళకి, కూతురు వేలు పెట్టకముందే, “మీ నాన్న,” అనడం మొదలుపెట్టింది.

కూతురు తల్లిని కావలించుకుంది. చిన్నోడు మిఠాయి తెచ్చాడు. మందు బాగా పనిచేస్తోందన్నాడు డాక్టరు. కత్తెర తిరిగొచ్చింది, తాళంచెవీ వచ్చింది. ఇల్లంతా పండగలా ఉంది, ఒక్క టైలరమ్మకి తప్ప. ఆవిడ మునుపటికంటే తక్కువ మాట్లాడుతోందని అల్లుడు గమనించాడు. పెద్దతనం కదా అనుకుని ఊరుకున్నాడు.

అక్క ఇంట్లో కూడా నాన్న ఫోటో పెద్దది పెడదామని చిన్నోడికి అనిపించింది. ప్రెస్సులో పాత కంప్యూటరు పాడై బాగుచేసిన బొమ్మ పోయింది గానీ, మరకతో ఉన్న అసలు కాపీ లాప్‌టాప్‌లో భద్రంగానే ఉంది. మళ్ళీ చేసుకోవడం ఎంతసేపు? అక్కా బావల మధ్య కూర్చుని, వెనక వరసలోని ఆ మరక మీద నొక్కాడు.

ముఖం విచ్చుకుంది. గుండ్రటి బుగ్గలు, పలచటి మీసం, చెవికి దగ్గరగా చిన్న మచ్చ.

“ఇదెవర్రా?” అంది అక్క.

“ఉండు, ఏదో తేడా కొట్టింది.” మళ్ళీ నొక్కాడు. ఈసారి కోలముఖం, లోతుకళ్ళు. మీసం లేదు.

“ఇంకోసారి నొక్కితే నేను కూడా వచ్చేలా ఉన్నాను,” అన్నాడు బావ. ఎవరూ నవ్వకపోయేసరికి ఆయన నవ్వు కూడా ఆగిపోయింది.

చిన్నోడు నొక్కుతూనే ఉన్నాడు. నొక్కినప్పుడల్లా ఒక నాన్న. అందరూ కళ్ళలోకి సూటిగా చూసేవాళ్ళే, అందరివీ తీర్చిన పలువరుసలే. అక్క వాడి చెయ్యి పట్టుకుని ఆపింది.

“మరకలో ముఖం లేదురా,” అంది. “కంప్యూటరే ఏదో ఒకటి అల్లుతోంది. అమ్మ చెప్పిందే నిజం.”

టైలరమ్మ కిటికీ దగ్గర దిండుగలీబుకి అంచు కుడుతోంది. ముగ్గురూ ఒక్కసారే రావడం చూసి తొక్కడం ఆపింది.

కూతురు నేల మీద కూర్చుని తల్లి మోకాళ్ళు పట్టుకుంది. “అమ్మా, ఆల్బమ్‌లో ఆయన నాన్న కాదు. అది కంప్యూటరు ఊహించి గీసిన ముఖం. నువ్వు మొదట్నుంచీ నిజమే చెప్పావు. మేమే నమ్మలేదు.”

తల్లి ముఖం వికసిస్తుందని ఎదురుచూసింది. వికసించలేదు. ఆవిడ చెయ్యి పక్కనున్న కత్తెర మీదికి పోయింది.

“మళ్ళీ పరీక్షా ఇది?” అంది టైలరమ్మ. “మీ నాన్నే. చెప్పాను కదా. తడుముకోకుండా చెప్తున్నాను కదా రోజూ.”

“పరీక్ష కాదమ్మా.” చిన్నోడు లాప్‌టాప్ ఆవిడ ముందు పెట్టాడు. మిల్లు పనివాళ్ళు, వరసలు, మరక. “ఇదిగో, నువ్వు చూసుకునే ఫోటో ఇదే. కాల్చింది కాగితాన్నే, బొమ్మ ఉంది. చూడు.”

ఆవిడ అద్దాలు తుడుచుకుంది. వేలు తిన్నగా వెనక వరసలోకి వెళ్ళి, వెతుక్కోకుండా మరక మీద ఆగింది.

“కనిపిస్తున్నాడా?” అన్నాడు చిన్నోడు.

“కనిపిస్తున్నాడు,” అంది. వేలు తియ్యలేదు. “ఆల్బమ్‌లో ఆయన.”

“ఇందులో ఉత్త మరకే ఉందమ్మా,” అంది కూతురు.

“ఆ మరకలోనే ఉండేవాడు మీ నాన్న. మీకు కనబడకపోయినా నాకు కనబడేవాడు.” ఆవిడ గొంతులో కోపం లేదు. అదే భరించలేకుండా ఉంది. “ఒక కన్ను చిన్నదని మాట గుర్తుంది. ఏ కన్నో తెలీడం లేదు. మీరు కాదు కాదంటుంటే, కళ్ళు మూసుకున్నప్పుడల్లా ఆయన్ని పక్కకి నెట్టి ఈయన్ని తెచ్చుకున్నాను. ఊరికే రాలేదే అమ్మడూ, కష్టపడి నేర్చుకున్నాను. ఇప్పుడు పిలిస్తే ఈయనే వస్తున్నాడు. ఆయన రావడం లేదు.”

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. కూతురు తల్లి ఒళ్ళో తల పెట్టి బావురుమంది. అల్లుడికి ఏదో ఒక దారి చూపించాలని తాపత్రయం. “చిన్నోడిలో మావయ్యగారి పోలికలుంటాయి కదా అత్తయ్యా, ఒకసారి చూడండి,” అన్నాడు.

టైలరమ్మ కొడుకు గడ్డం పట్టుకుని, వెలుతురువైపు తిప్పి, నుదురూ ముక్కూ నోరూ అన్నీ చూసింది. పాపం, నిజంగానే వెతికింది. “లేదు బాబూ. వీడు పుట్టినప్పటినుంచీ అచ్చం మా అన్నయ్యే.”

చిన్నోడు పెద్దగా ఏడవలేదు. వాడి ఏడుపు లోపలికే పోయింది. అసలు లేని నాన్నని తెచ్చుకోబోయి, ఎక్కడో ఒకచోట ఉన్న నాన్నని చేతులారా చంపుకున్నానని వాడికి అర్థమైంది. ఆ ఒక్కచోటూ అమ్మే. “ఏదో ఒకటి చెప్పమ్మా,” అన్నాడు. “ఏదైనా మిగిలి ఉంటుంది కదా.”

ఆవిడ లాప్‌టాప్ మూసి పక్కకి జరిపింది.

“గొంతుంది,” అంది. “గొంతు పోలేదు.”

“ఎలా ఉండేది? బతికుంటే నన్నెలా పిలిచేవాడు?”

టైలరమ్మ చెప్పబోయి, పెదవులు మూసుకుంది. వాడి తల దగ్గరికి లాక్కుని, పలచబడిన జుట్టులో వేళ్ళు పెట్టింది.

“చెప్పనురా. నీ మీద కోపంతో కాదు. నాన్న కావాలని చేశావు, నాకు తెలుసు. కానీ నేను చెప్తే నువ్వొకలా అనుకుంటావు. అలా కాదంటాను. అలాగే అంటావు. ఆఖరికి నాకది కూడా వినబడకుండా పోతుంది. ఇదొక్కటీ నాకుండనివ్వండి.”

“సరేనమ్మా,” అన్నాడు చిన్నోడు. కూతురు కూడా తలూపింది. ఆ ఇంట్లో ఆవిడ మాటకి అడ్డు చెప్పకుండా ఒప్పుకుని చాలా రోజులైంది.

ఆవిడ కొడుకు తల నిమురుతూ, దూరంగా ఎవరో పిలిస్తే వింటున్నట్టు కళ్ళు మూసుకుంది. వాళ్ళు ముగ్గురూ చప్పుడు చెయ్యకుండా కూర్చున్నారు.