మోదుగ పూల అంచు

పొద్దున ఆరు కాగానే వీధిలో సాంచాలు ఒక్కొక్కటిగా మొదలయ్యాయి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అనే అంటారు. ఆ చప్పుడులో వినపడాలంటే గొంతు పెంచాలి. అందుకే ఆ వీధిలో అందరూ గట్టిగా మాట్లాడతారు. ఒక్క కావ్య తప్ప. ఆమె మాట్లాడేదే తక్కువ, మాట్లాడినా పక్కవాళ్లు చెవి ఒగ్గాల్సిందే.

ఆ బుధవారం ఆమె అర్ర గడప మీద కూర్చుని ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుంది. మేనమామ లక్ష్మణ్‌కు కరీంనగర్‌లో ఫొటో స్టూడియో ఉంది. అతను కొత్తది కొనుక్కుని, తన పాత మ్యాక్ ల్యాప్‌టాప్‌ను నెల కింద ఈమెకు ఇచ్చాడు. వెండి రంగులో, నోటుపుస్తకం కన్నా కాస్త మందంగా ఉంటుంది అంతే.

"జొన్నరొట్టె లెక్క ఉన్నది," అంది నాయనమ్మ శంకరవ్వ, చాయ్ ఊదుకుంటూ. "గింత తేలికదాంట్ల పనెట్ల పడుతదే?"

కావ్య చీరల డిజైన్లు చేసే ప్రోగ్రామ్ మీద రెండుసార్లు నొక్కింది. తెర మీద చిన్న పెట్టె వచ్చింది. ఇది విండోస్ ప్రోగ్రామ్, ఇక్కడ తెరవడం కుదరదని దాని సారాంశం. నిన్నటి నుంచి ఇది పదకొండోసారి.

లోపల అద్దం ముందు తల దువ్వుకుంటున్న బాపు పర్శరాములు అక్కడి నుంచే అడిగాడు. "అయ్యిందా బిడ్డా?"

"కాలే బాపు."

"సోమవారం దగ్గరికచ్చింది."

సోమవారం సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. బాపు పనిచేసే షెడ్డు యజమాని ఓంప్రకాశ్ ఒక సాంచాకు కొత్తగా కంప్యూటర్ జకార్డు బిగించాడు. డిజైన్ ఫైలు ఎక్కిస్తే చీర మీద ఆ పువ్వులే నేస్తుంది. కానీ ఫైలు కోసం పట్నం వాళ్లను అడిగితే నెల పడుతుందన్నారు. "సోమవారం లోపల మనోళ్లెవరన్న డిజైన్ చేసిస్తె మిషన్ ఉంచుత. లేకుంటె వాపస్ పంపుత," అని ఓంప్రకాశ్ షెడ్డులో అందరి ముందూ చెప్పాడు. తెల్లబట్ట నేసే సాంచాలు అప్పటికే సగం ఆగిపోయాయి. కొత్తది కూడా పోతే పర్శరాములుకు మిగిలింది మహారాష్ట్రకు వలస పోయే భీవండి బస్సు ఒక్కటే.

అందుకే ఆ రోజు అతను చెయ్యెత్తి, "నా బిడ్డ చేస్తది సేటు. దానికి కంప్యూటర్ ఉన్నది," అన్నాడు. ఓంప్రకాశ్ సంతోషించి, ప్రోగ్రామ్ లింకు పంపి, బొటనవేలంత తాళం చేతిలో పెట్టాడు. కంప్యూటర్‌కు ఆ తాళం గుచ్చితేనే ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది. మ్యాకంటే ఏమిటో, విండోసంటే ఏమిటో బాపుకు తెలియదు. కంప్యూటర్లన్నీ ఒకటే అనుకున్నాడు. ఇంటర్నెట్ సెంటర్ రాకేశ్‌ను అడిగితే, పరాయి ప్రోగ్రాములు ఎక్కించనివ్వనని చెప్పేశాడు.

గురువారం మధ్యాహ్నం అన్నం దగ్గర గొడవ మొదలైంది.

"మీ తమ్ముడు ఇయ్యక ఇయ్యక ఇచ్చిండు," అన్నాడు పర్శరాములు, భార్య అనసూర్యతో. "అందరి కాడ నడిచేది ఇయ్యరాదా? ఎద్దు లేదు గని మెడకు గంటలున్నయి!"

"నా తమ్మున్ని ఏమనకు. ప్రేమతోని ఇచ్చిండు."

"ప్రేమ తోని చీర నేస్తదా జకార్డు? రేపు వాపస్ ఇచ్చిరా కావ్యా. షెడ్డుల నేను మొఖమెట్ల చూపెట్టాలె? నా బిడ్డ చేస్తదని పదిమందిల చెప్పుకున్న."

కావ్య చేతిలో ముద్ద కంచంలో పడింది.

"నన్నడిగి మాటిచ్చినవా బాపు?"

ఆ గొంతు ఆమెదేనని నమ్మడానికి అందరికీ కొంచెంసేపు పట్టింది. శంకరవ్వ నములుతున్నది ఆపేసింది.

"ఒక్క మాటన్న అడిగినవా? చేస్తవా, చేతనైతదా అని? షెడ్డుల అందరికి తెలిసినంక నాకు తెలిసింది."

పర్శరాములు కంచం మీదికి తల దించుకున్నాడు. తర్వాత చెయ్యి కడుక్కుని, తువ్వాల భుజాన వేసుకుంటూ అన్నాడు. "పదిమందిల చెప్పుకొనెతందుకు నీకన్న నాకేమున్నది బిడ్డా?"

ఆయన వెళ్లిపోయాడు. సాయంత్రం వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా అటక మీది సంచి దించి, రెండు లుంగీలు, రెండు అంగీలు అందులో పెట్టాడు.

ఆ సంచిని చూశాక కావ్యకు ఏడుపు రాలేదు. పట్టుదల వచ్చింది. శుక్రవారం పొద్దున్నే లేచి వెతికింది. మ్యాక్ లోపలే విండోస్‌ను నడపవచ్చని, దానికి ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఉందని తెలిసింది.

"ఏం జేస్తున్నవే?" శంకరవ్వ పక్కన చేరింది.

"మ్యాకు మన ఇల్లనుకో నాయనమ్మా. దాంట్ల ఒక అర్ర విండోసుకు కిరాయికిస్తున్న."

"కిరాయికచ్చేటోడు మంచోడేనా?"

"మంచోడే గని తిండి ఎక్కువ."

నిజంగానే ఎక్కువ. విండోస్ దించుకోవడానికి కావ్య ఫోన్‌లో ఆ రోజు డేటా అయిపోయింది. అవ్వ అనసూర్య ఫోన్‌ది, నాయనమ్మ ఫోన్‌ది కూడా వాడింది. అంతా దిగాక ల్యాప్‌టాప్‌లో చోటు చాలలేదు. మామకు ఫోన్ చేసింది.

"నువ్వు తీసిన పెండ్లి వీడియోలు ఇంక దీంట్లనే ఉన్నయి మామా. తీసేయాల్నా?"

"అన్ని తీసేయ్. గా పెండ్లిళ్లల్ల సగం మంది ఇప్పుడు మాట్లాడుకుంటలేరు," అని నవ్వాడు లక్ష్మణ్. తాళం గుచ్చడానికి ఈ ల్యాప్‌టాప్‌లో సరైన రంధ్రం లేదని చెబితే, మధ్యలో పెట్టే చిన్న కనెక్టర్‌ను కరీంనగర్ బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపాడు.

మధ్యాహ్నానికి మ్యాక్ తెరలో నీలిరంగు కిటికీ తెరుచుకుంది. విండోస్! కావ్య చప్పట్లు కొట్టబోయి చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. అయితే ల్యాప్‌టాప్ కింద చెయ్యి పెడితే కాలుతోంది. దీనికి లోపల ఫ్యాన్ ఉండదు. అనసూర్య వంటింట్లోంచి స్టీలు పళ్లెం తెచ్చి బండల మీద బోర్లించింది. "దీనిమీద పెట్టు. కాగిన పాలగిన్నె నేను గిట్లనే చల్లారబెడుత."

పని చేసింది. అప్పుడు కావ్య తాళం గుచ్చింది. ప్రోగ్రామ్ తెరుచుకుని, తాళం దొరకలేదని చెప్పి మూసుకుపోయింది. తీసి మళ్లీ గుచ్చింది. మళ్లీ అదే.

ఇక ఒక్కటే దారి. ప్రోగ్రామ్ అమ్మిన కంపెనీకి ఫోన్ చెయ్యాలి. కొత్తవాళ్లతో ఫోన్‌లో మాట్లాడాలంటే కావ్యకు భయం. మాట్లాడాల్సిన వాక్యాలన్నీ కాగితం మీద రాసుకుంది. మూడుసార్లు నంబరు నొక్కి మూడుసార్లు కట్ చేసింది. నాలుగోసారి అటునుంచి ఎత్తేశారు.

"నమస్తే, నవ్యశ్రీని మాట్లాడుతున్నాను. చెప్పండి మేడమ్."

మేడమ్ అన్నది తననే అని తెలుసుకుని, కావ్య కాగితం చూసి గబగబా చదివేసింది. అటువైపు అమ్మాయి ఓపికగా విన్నది.

"మీ ల్యాప్‌టాప్ చిప్పు వేరు మేడమ్. మా ప్రోగ్రామ్ దాని మీద నడుస్తుంది కానీ, తాళం డ్రైవర్ నడవదు. తాళం తీసేసి ఆన్‌లైన్ లైసెన్సుగా మార్చేస్తాను. కొన్నవారి ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. పది నిమిషాల్లో చెప్పగలరా?"

కొన్నది ఓంప్రకాశ్. అవ్వ ఫోన్ నుంచి చేస్తే ఎత్తలేదు. కావ్య చెప్పులు కూడా వేసుకోకుండా షెడ్డుకు పరుగెత్తింది. లోపల ఇరవై సాంచాలు ఆడుతున్నాయి. ఓంప్రకాశ్ అటు చివర ఉన్నాడు. ఆమె పిలిచింది, వినపడలేదు. ఇంకోసారి పిలిచింది. చెవి దగ్గర ఫోన్‌లో నవ్యశ్రీ ఇంకా రెండే నిమిషాలున్నాయంటోంది.

"కాకా! ఓంప్రకాశ్ కాకా! ఓటీపీ చెప్పుండ్రి!"

పక్క సాంచా ఆగింది. అందరూ తలలు తిప్పారు. మూలన నిలబడ్డ పర్శరాములు చేతిలో దారపు కండె అలాగే ఉండిపోయింది. ఓంప్రకాశ్ తడబడుతూ జేబులోంచి ఫోన్ తీసి అంకెలు చదివాడు. కావ్య వాటిని ఫోన్‌లో అరిచి చెప్పింది.

"అయిపోయింది మేడమ్. ఇప్పుడు తెరుచుకుంటుంది," అంది నవ్యశ్రీ. కావ్య ఇంటికి పరుగెత్తింది.

తెరుచుకుంది.

ఇక ఏ డిజైన్ చెయ్యాలి? శనివారం పొద్దున కావ్య గ్రాఫు కాగితాల కోసం పాత పెట్టె వెతికితే, అడుగున బాపు గడుల పుస్తకం కనపడింది. జకార్డుకు అట్టలు వాడే రోజుల్లో పర్శరాములు చేనేత సంఘంలో ఆ అట్టలకు రంధ్రాలు గుద్దేవాడు. ఒక్కో గడి ఒక్కో దారం. పుస్తకం మధ్యలో రెండు పేజీల నిండా ఎర్ర పెన్సిల్‌తో మోదుగ పూలు. చిలకముక్కుల్లాంటి రెక్కలు గడిగడిగా నింపి ఉన్నాయి.

"అవ్వా, గిదేంది?"

అనసూర్య చేతులు తుడుచుకుని పుస్తకం అందుకుంది. "పెండ్లయినంక నిర్మల్ నుంచి బస్సుల తోలుకొచ్చిండు నన్ను. ఫాల్గుణం. రోడ్డు పొడుగునా మోదుగులే. నేను కిటికీ ఇడువలే. ఇంటికచ్చినంక నాకని ఈ అంచు గీసిండు. అట్టలు గుద్దేలోపల సంఘం మూతపడ్డది. మల్ల దాని ముచ్చటే తీయలే."

"బాపుకు చెప్పకు," అంది కావ్య.

రెండు రోజులు ఆమె ఒక్కో గడీ తెర మీద నింపింది. పళ్లెం వేడెక్కినప్పుడల్లా అనసూర్య ఇంకోటి మార్చింది. ఆదివారం చీకటి పడకముందే ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది. బాపు గుమ్మంలో నిలబడి చూసి, బయటికి వెళ్లిపోయాడు. సంచి అక్కడే ఉంది.

సోమవారం పది గంటలకు షెడ్డులో అందరూ కొత్త సాంచా చుట్టూ చేరారు. కావ్య పెన్‌డ్రైవ్ పెట్టింది. ఓంప్రకాశ్ మీట నొక్కాడు. దారాలు లేచాయి, దిగాయి. వేలెడు బట్ట వచ్చింది. జానెడు వచ్చింది.

కావ్య వంగి చూసింది. పువ్వు లేదు. అంచు పొడుగునా ఎర్ర దారాలు అడ్డదిడ్డంగా వేలాడుతున్నాయి, చిక్కుపడ్డ జుట్టులా.

"ఆపుండ్రి కాకా," అంది ఏడుపు గొంతుతో. "ఖరాబయ్యింది. నేనే ఏదో తప్పు చేసిన."

ఓంప్రకాశ్ చెయ్యి మీట మీదికి పోయింది. అప్పుడు వెనక నుంచి ఒక నవ్వు వినపడింది. వారం రోజులుగా ఆ ఇంట్లో ఎవరూ వినని నవ్వు.

"ఆపకు సేటు! తెల్లబట్ట చూసి పెరిగిన పిల్ల, దానికేం తెలుసు?" పర్శరాములు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "జకార్డు బోర్ల నేస్తది బిడ్డా. నువ్వు చూసేది వెనుకదిక్కు. మొఖం కిందికుంటది. ఎవరన్న అద్దం ఇయ్యుండ్రి జర!"

గోడకున్న తల దువ్వుకునే అద్దం తెచ్చారు. పర్శరాములు మోకాళ్ల మీద కూర్చుని దాన్ని బట్ట కిందికి జరిపి, తల వంచి చూశాడు.

ఇంకా కిందికి వంగాడు.

అద్దంలో మోదుగ పూలు విరబూసి ఉన్నాయి. వంపు తిరిగిన రెక్కలు, నల్లటి తొడిమలు, ఒక్క గడి కూడా తప్పిపోలేదు. తన చేత్తో నింపిన గడులు ఆయనకు తెలియవా? అద్దాన్ని ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు జరిపాడు.

"ఇది... ఇది నాది గదా బిడ్డా."

"నీదే బాపు. నేను ఎక్కించిన అంతే."

ఓంప్రకాశ్ కూడా వంగి చూశాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. "పర్శరాములన్నా, మిషన్ వాపస్ పోదు. ఈ సాంచా నీదే. డిజైన్లు నీ బిడ్డయి."

షెడ్డులో ఈలలు మోగాయి. ఎవరో ఇంటికి పరుగెత్తి చెప్పారు. అనసూర్య కొంగు దోపుకుంటూ వచ్చింది, వెనకే చేతికర్రతో శంకరవ్వ. పర్శరాములు భార్యను పక్కన కూర్చోబెట్టుకుని అద్దం ఆమె వైపు తిప్పాడు.

అనసూర్య చూసింది. కళ్లు నిండాయి, అయినా మూతి విరిచింది. "పందొమ్మిదేండ్లు పట్టిందా నీ బస్సు చేరెతందుకు?"

"రోడ్డు మంచిగ లేకుండె," అన్నాడు పర్శరాములు, కళ్లు తుడుచుకుంటూ.

"భీవండి బస్సు మాత్రం నీకు దొరకదు," అంది శంకరవ్వ. "నీ సంచిల బియ్యం పోసిన."

అందరూ నవ్వారు. సాంచాలన్నీ మళ్లీ మొదలయ్యాయి. ఆ చప్పుడులో పర్శరాములు కూతురి దగ్గరికి వచ్చాడు. మొన్న కంచం దగ్గర తల దించుకున్న మనిషి ఈసారి నేరుగా ఆమె కళ్లలోకి చూశాడు.

"వచ్చేవారానికి పల్లు డిజైన్ అడుగుతుండు సేటు. నేను ఇంక మాటియ్యలే. నిన్ను అడుగుతున్న. చేస్తవా బిడ్డా?"

ఇరవై సాంచాల చప్పుడు మీదుగా, షెడ్డు అటు చివర దాకా వినపడేలా కావ్య జవాబిచ్చింది.

"చేస్త బాపు!"